కొత్త పడవకి అడుగు రంగు వేసి దించాలా, ఊరికే దించాలా? (చిలికా, రంభ వైపు)

చిలకగాలి, బరంపురం:

అందరికీ నమస్కారం. మా ఇంట్లో పెద్ద పంచాయితీ నడుస్తోంది, మీరే తీర్చాలి. 20 అడుగుల ఫైబర్ తెరచాప పడవ కొన్నాను. ముందు చిన్న క్యాబిన్, ఇద్దరు పడుకోవచ్చు. వెనక 6 హెచ్‌పీ అవుట్‌బోర్డ్ ఇంజను. కింద సెంటర్‌బోర్డ్ ఉంది, అంటే లోతున్నచోట దించుకుని, లేనిచోట పైకి లాక్కునే పలక. ట్రైలర్ మీద వచ్చి పెరట్లో కూర్చుంది, ఇంకా నీళ్లు ముట్టలేదు. కార్తీక పున్నమికి రంభలో దించాలని అమ్మ పట్టు. బొయిత బందాణకి ఒడిశా అంతా బుల్లి పడవలు నీళ్లలో వదులుతుంటే మన పడవ జామచెట్టు కింద ఉండటమేంటి అంటోంది.

గొడవంతా రంగు దగ్గర. అడుగుకి రాగి కలిపిన యాంటీఫౌలింగ్ రంగు వేయకుండా దించొద్దని అమ్మినాయన అన్నాడు. వేయకపోతే నాచు, గుల్లలు పట్టేస్తాయట. నిగనిగలాడే కొత్త అడుగుని గరుకు కాగితంతో గీకడానికి చేతులెలా వస్తాయిరా అని మా బావ. శని, ఆదివారాలు తిరగడం, ఎప్పుడైనా రాత్రికి లంగరు వేసుకుని నీళ్ల మీదే ఉండిపోవడం, ఇంతే మా సరదా. ఏం చేయమంటారు?

గోపాల్‌పూర్ నావ:

వేయండి. ఇందులో చర్చేముంది? మాది తరతరాలుగా సముద్రం మీద బతికిన ఇల్లు. మా ఒడ్డున ఇసక మీదకి లాగేసే తెప్పలకి ఆ బెడద లేదు, రోజూ ఎండుతాయి. నీళ్లలోనే కట్టేసి ఉంచే బోటు సంగతి వేరు. గుల్ల ఒకసారి అతుక్కుని గట్టిపడిందంటే గోకి తీసినా దాని మచ్చ పోదు. అడుగు గరుకైతే మీ 6 హెచ్‌పీ ఉసూరుమంటుంది, పెట్రోలు తాగుతుంది, చుక్కాని మొండికేస్తుంది.

సరస్సే కదా, మంచినీళ్లేగా అనుకోకండి. 2000 సెప్టెంబరులో సాతపడా వైపు కొత్త ముఖద్వారం తవ్వాక ఉప్పునీరు బాగా లోపలికొస్తోంది. వానాకాలంలో దయా, భార్గవి నదుల నీళ్లు ఉత్తరం వైపు పలచన చేస్తాయి. రంభ దక్షిణాన ఉంది, ఆ నీళ్ల జోరు అక్కడిదాకా అంతగా రాదు.

ఛత్రపురం మాస్టారు:

నావ గారూ, జవాబు మీ మాటల్లోనే ఉంది. తెప్ప రోజూ ఎండుతుంది కాబట్టి బెడద లేదన్నారు. ట్రైలర్ ఎక్కి ఇంటికెళ్లే పడవకీ అదే వర్తిస్తుందిగా? గుల్ల పిల్ల అతుక్కుని, ఎదిగి, మనల్ని ఏడిపించాలంటే పడవ వరసగా నీళ్లలో ఉండాలి. ఆదివారం సాయంత్రం తీసి మంచినీళ్లతో కడిగి ఎండబెట్టిన అడుగు మీద దానికి బతుకు లేదు.

నా అసలు అభ్యంతరం వేరే. ఆ రంగు పనిచేసేదే రాగిని కొద్దికొద్దిగా నీళ్లలోకి వదలడం వల్ల. గుల్ల పిల్లని చంపే మందు రొయ్య పిల్లని ముద్దుపెట్టుకోదు. చిలికా 1981లో రామ్‌సర్ జాబితాకెక్కింది, అంటే ప్రపంచంలో కాపాడాల్సిన చిత్తడి నేలల జాబితా. పాడవుతోందని 1993లో మాంట్రూ రికార్డులో, అంటే ఆ జాబితాలో ప్రమాదంలో పడ్డవాటి చిట్టాలో పెట్టారు. మీరు చెప్పిన ఆ ముఖద్వారం తెరిచాక కోలుకుని 2002లో అందులోంచి బయటపడింది. ఓడల రంగుల్లో ఒకప్పుడు ట్రైబ్యుటైల్ టిన్ వాడేవారు. దాని దెబ్బకి సముద్రపు ఆడ నత్తలకి మగ అవయవాలు మొలిచాయి. చివరికి 2008లో అంతర్జాతీయ ఒప్పందం అమల్లోకి వచ్చాకే దాని పీడ వదిలింది. రాగి అంత దుర్మార్గం కాదు, ఒప్పుకుంటాను. వారాంతపు షికారుకి ఆ మాత్రం విషమైనా దేనికి?

గోపాల్‌పూర్ నావ:

మాస్టారూ, ఒక్క 20 అడుగుల పడవ రాగితో చిలికా చచ్చిపోదు. రోజూ టూరిస్టుల్ని తిప్పే బోట్ల నుంచి కారే నూనె సంగతి ముందు చూడండి. అయినా ట్రైలర్ మీద తీస్తాడని మీరనుకుంటున్నారు. మొదటి నెల తీస్తాడు. తర్వాత ప్రతి వారం లాగడం, తెరచాప కొయ్య దించడం, ఎత్తడం విసుగొచ్చి రంభలోనే ఎవరి రేవులోనో కట్టేస్తాడు. అందరూ చేసేది అదే.

జెల్‌కోట్:

ఫైబర్ పనిలో ఉన్నవాణ్ని, కాస్త చెప్పనివ్వండి. పడవ రాత్రిళ్లు ఎక్కడ ఉంటుందో తేల్చకుండా రంగు గురించి మాట్లాడి లాభం లేదు. వారాల తరబడి నీళ్లలోనే ఉంటే రంగు కావాలి, నావ గారి మాట నిజం. ట్రైలర్ మీదైతే రంగు దండగ. రోలర్లకి గీసుకుపోతుంది, పైగా కొన్ని రకాల రంగులు నీళ్ల బయట ఎక్కువకాలం ఎండితే పనిచేయడం మానేస్తాయి.

వేయాలనే తేలిందనుకోండి. అప్పుడు కొత్త పడవకి పాత పడవకి లేని చిక్కొకటి ఉంది: మైనం. ఫైబర్ అచ్చుకి అంటుకుపోకుండా ముందుగా మైనం పూస్తారు, అది పడవ ఒంటికి అంటుకుని వస్తుంది. ఆ నిగనిగలో కొంత దానిదే. చాలామంది పెయింటర్లు వచ్చీ రాగానే గరుకు కాగితం అందుకుంటారు. అలా చేస్తే మైనం గీతల్లోకి దిగి కూర్చుంటుంది, ఆ పైన ఎంత ఖరీదైన రంగు వేసినా మొదటి ఏడాదే పెచ్చులు లేస్తుంది. ముందు సాల్వెంట్‌తో తుడవాలి, గుడ్డ మారుస్తూ తుడవాలి. అదే గుడ్డతో తుడిస్తే మైనాన్ని అటు నుంచి ఇటు జరిపినట్టే. అయిందో లేదో తెలియాలంటే నీళ్లు చల్లండి. బొట్లు బొట్లుగా జారిపోతే మైనం ఇంకా ఉంది. పలచటి పొరలా పరుచుకుంటే పోయింది. గీకడం ఆ తర్వాతే.

గీకాక నేరుగా రాగి రంగు కాదు, ముందు ఎపాక్సీ పూతలు. నెలల తరబడి వెచ్చటి నీళ్లలో నానితే పై జెల్‌కోట్ (ఫైబర్ మీది నిగనిగ పొర) దాటి నీరు మెల్లగా లోపలికి దిగుతుంది, కొన్నేళ్లకి అడుగంతా బొబ్బలు. దాన్ని ఆపేది ఎపాక్సీ. దాని చివరి పూతకీ, రాగి రంగు మొదటి పూతకీ మధ్య ఎన్ని గంటలుండాలో డబ్బా మీద రాసి ఉంటుంది. ఆ గడువు దాటితే మళ్లీ గీకాలి. ఇంకోటి, ఇంజను కాలు, అంటే నీళ్లలోకి దిగే కింది భాగం, అల్యూమినియం. దానికి రాగి రంగు తగిలిందా, ఉప్పునీళ్లలో కాలుని తినేస్తుంది. కాలు తినకుండా తాను కరిగిపోయే లోహపు ముక్క ఆనోడ్, దాని మీద ఏ రంగూ వేయకూడదు.

ఇక రంగు ఎంత ఎత్తు దాకా? పడవ కట్టినవాళ్ల బొమ్మలో నీటి గీత ఖాళీ పడవది. బ్యాటరీ, లంగరు, గొలుసు, నీళ్ల క్యాన్లు, మీ బావగారు అందరూ ఎక్కాక పడవ ఇంకా దిగుతుంది. కాబట్టి ఒకసారి దించి, అన్నీ ఎక్కించి, నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో గుర్తు పెట్టుకుని, దానికి నాలుగు వేళ్లు పైదాకా వేయాలి. అంటే మొదటిసారి రంగు లేకుండా దించడమే నయం. దీన్ని మాస్టారి పార్టీలో కలపకండి, నా లెక్క వేరు.

పర్లాకిమిడి పిల్లోడు:

అంటే రంగు వేయాలంటే ముందు రంగు లేకుండా దించాలి. రంగు లేకుండా దించొద్దంటే ముందు రంగు వేయాలి. అమ్మకి ముహూర్తం ఏ దించుడుకి పెట్టించాలో ఎవరైనా చెప్పండి.

ఆస్కా రోడ్ మెకానిక్:

రంగు లేక మునిగిన పడవ ఇంతవరకూ లేదు. మీరంతా దాని మీదే పడ్డారు గానీ, దించే ముందు చూడాల్సినవి వేరే ఉన్నాయి.

మొదటిది పడవ వెనక గోడలో నీళ్లు పోవడానికి పెట్టిన కన్నం బిరడా. నవ్వకండి. ర్యాంపు మీద కొత్త పడవలు ఎక్కువగా నీళ్లు మింగేది అక్కడే. తర్వాత నీటి మట్టానికి కింద ఎన్ని కన్నాలున్నాయో లెక్కపెట్టండి. సింకు, లోతు చూపే మీటరు, ఏదైనా సరే. ప్రతి వాల్వూ తిప్పి చూడండి, ప్రతి గొట్టానికీ రెండేసి క్లిప్పులు బిగించండి. ఆ వాల్వు ఇత్తడిదైతే మార్చేయండి. ఉప్పునీళ్లలో ఇత్తడిలోని జింకు పోయి, మిగిలింది చేత్తో నలిపితే విరుగుతుంది. కంచు పెట్టుకోండి. కన్నానికి సరిపోయే చెక్క బిరడా ఒకటి వాల్వు పక్కనే తాడుతో కట్టి ఉంచండి. పైనుంచి పైపుతో నీళ్లు కొట్టి క్యాబిన్‌లో ఎక్కడ కారుతోందో పెరట్లోనే చూసుకోండి. కిటికీ అంచులు, తెరచాప కొయ్య మొదలు, పట్టుకునే కడ్డీల బోల్టులు.

కొయ్య అంటే గుర్తొచ్చింది. అది అల్యూమినియం. నిలబెట్టే చోట తల మీద కరెంటు తీగలుంటే ఆ పని చేయొద్దు. మన పక్క చెరువు గట్ల మీద, రేవుల దగ్గర 11 కేవీ తీగలు ఎంత కిందికి వేలాడతాయో మీకు తెలుసు. కొయ్య నిలబెట్టిన పడవని ట్రైలర్ మీద పది అడుగులు జరిపినా అదే ప్రమాదం. తీగకి తగలనే అక్కర్లేదు, దగ్గరికెళ్తే చాలు. రంభకి పగలు ముందొకసారి ఖాళీ చేతులతో వెళ్లి పైకి చూసి రండి. రంగు గురించి నా అభిప్రాయం ఎవరూ అడక్కండి, ఇది మాత్రం వినండి.

కొయ్యని పట్టి ఉంచే కొత్త కేబుళ్లు కొంచెం సాగుతాయి, మొదటి గాలికి తిరిగొచ్చాక మళ్లీ బిగించాలి. బిగించే స్క్రూల పిన్నులు వంచి, టేపు చుట్టండి. ఇంజనుకి మొదటి 10 గంటలు ఫుల్ థ్రాటిల్ పట్టి ఉంచొద్దు. క్యాబిన్‌లో గ్యాస్ స్టవ్ పెడితే సిలిండర్ బయటే ఉండాలి. ఎల్‌పీజీ గాలి కన్నా బరువు, లీకైతే పోయి పడవ అడుగున చేరుతుంది.

ఆనోడ్ జింకుదా, అల్యూమినియందా? కంపెనీ నుంచి ఏది బిగించి వచ్చిందో చూడండి. చిలికాకి అల్యూమినియం.

గోపాల్‌పూర్ నావ:

జింకే ఉండాలి. మా బోట్లన్నిటికీ జింకే.

ఛత్రపురం మాస్టారు:

మీది సముద్రం, నావ గారూ. అక్కడ జింకు బాగానే పనిచేస్తుంది. ఉప్పు పలచబడే నీళ్లలో దాని మీద పొర కట్టి మొద్దుబారుతుంది, తాను కరగడం మానేసి ఇంజను కాలుని కరగనిస్తుంది. మంచినీళ్లకి మెగ్నీషియం, కానీ చిలికా ఉప్పుకి అది తొందరగా అరిగిపోతుంది. ఉప్పటి నీళ్లలోనూ, చప్పటి నీళ్లలోనూ నిలిచేది అల్యూమినియం మిశ్రమమే. చిలికా నీళ్లు కాలానికో రకం కాబట్టి మెకానిక్ గారి మాట సరైనది.

గోపాల్‌పూర్ నావ:

సరే, ఆనోడ్ మీకొదిలేశాను. రంగు వదల్లేదు.

ముహూర్తం గురించి మాత్రం ఒక మాట. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర. కార్తీకం తిరిగేదాకా బంగాళాఖాతాన్ని నమ్మొద్దు. పున్నమికి దించండి, అమ్మగారి మాట కాదనకండి, కానీ ఆ నెలంతా ట్రైలర్ టైర్లలో గాలి ఉంచండి. వాయుగుండం అన్న మాట వినపడితే పడవ పెరట్లో ఉండాలి. వేసవిలో మధ్యాహ్నం దాటాక నైరుతి గాలికి చిలికా కూడా పొట్టిపొట్టి అలలతో కొడుతుంది. లోతు లేని నీళ్లు కదా, అల చిన్నదే గానీ వెంటవెంటనే వస్తుంది. పొట్టి కాలు ఇంజనైతే పంకా గాల్లో తిరుగుతుంది. 20 అంగుళాల కాలుదేనా మీది?

చిలకగాలి, బరంపురం:

20 అంగుళాలే. ఆనోడ్ చూశాను, జింకుది. మారుస్తాను. తీగల సంగతి మెకానిక్ అన్న చెప్పేదాకా మా ఎవరి బుర్రకీ తట్టలేదు. ఆదివారం బావని తీసుకుని రంభ వెళ్లొస్తాను.

రంగు ఈ ఏడాదికి లేదు. పున్నమికి దించుతాం, గీత గుర్తు పెట్టుకుంటాం, సాయంత్రానికి ట్రైలర్ ఎక్కిస్తాం. ఎండాకాలం లోపు రంభలో నమ్మకమైన చోటు దొరికితే అప్పుడు జెల్‌కోట్ గారు చెప్పిన వరసలో ఎపాక్సీతో సహా వేయిస్తాను. మాస్టారికి కోపం రావచ్చు.

ఛత్రపురం మాస్టారు:

కోపం లేదు. అప్పుడు కూడా ఇదే మాట అంటాను.

జెల్‌కోట్:

మంచిదే. ఇంజను ఇన్వాయిస్, పడవ కట్టినవాళ్ల పత్రాలు జాగ్రత్త చేసుకోండి. యంత్రంతో నడిచే పడవ కాబట్టి 2021 నాటి ఇన్‌ల్యాండ్ వెసెల్స్ చట్టం కింద రిజిస్ట్రేషన్, సర్వే విషయం దించే ముందే కనుక్కోండి. లైఫ్ జాకెట్లు మనిషికొకటి. నలబణ వైపు మాత్రం లంగరు ఆలోచన పెట్టుకోకండి, అది పక్షుల అభయారణ్యం.

గోపాల్‌పూర్ నావ:

అంతా అయిపోయిందా? సెంటర్‌బోర్డ్ గూడు గురించి ఒక్కరూ మాట్లాడలేదు. పలక పైకి లాగితే పోయి కూర్చునే ఆ సందులో తడి ఆరదు. ట్రైలర్ మీద కూడా ఆరదు. రంభ అడుగున గడ్డి ఉంది, ఆ గడ్డి, బురద అందులోనే ఇరుక్కుంటాయి. మాస్టారి ఎండ అక్కడికి ఎలా వెళ్తుందో చెప్పమనండి.

జెల్‌కోట్:

ఆ పాయింటు మీదే, నావ గారూ. ఒకసారి గుల్ల పట్టాక లోపలికి బ్రష్ కూడా పోదు, పలక దిగదు. పడవ ఇప్పుడు ట్రైలర్ మీద ఉంది కాబట్టి జాకీలతో ఎత్తి పలక ఊడదీయగలిగితే, గూడు లోపల ఒక్కచోటే రంగు వేసుకోవచ్చు. లేకపోతే తిరిగొచ్చిన ప్రతిసారీ పై కన్నంలోంచి పైపుతో మంచినీళ్లు గట్టిగా కొట్టి, పడవని ఎత్తి పలక దించి ఉంచాలి.

ఛత్రపురం మాస్టారు:

పైపు చాలు.

గోపాల్‌పూర్ నావ:

చాలదు.