పాత జీఎస్1000ని స్పోర్ట్ బండిగా మార్చాలి, ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి?

ఎర్రట్యాంకు_78:
అందరికీ నమస్తే. నా దగ్గర 1979 సుజుకి జీఎస్1000ఈ ఉంది, అలాయ్ వీల్స్, ముందు రెండు డిస్కులు, అన్నీ కంపెనీవే. ఇంజిన్ ఒక్క బటన్‌కే అందుకుంటుంది కానీ వేడెక్కాక ఐడ్లింగ్ నిలకడగా ఉండదు, ఒకసారి పైకి పోతుంది ఒకసారి పడిపోతుంది. స్పీడులో పెద్ద వంపు తీసుకుంటే బండి మొత్తం మెల్లగా అటూ ఇటూ ఊగుతుంది, చేతిలో హ్యాండిల్ అదరడం కాదు, వెనక నుంచి ఎవరో ఊపుతున్నట్టు.

రేసర్ వెస్ కూలీ 1979లో, 1980లో అమెరికా ఏఎంఏ సూపర్‌బైక్ టైటిల్ కొట్టిన యోషిమురా టీమ్ జీఎస్1000ల ఫొటోలు చూసిన దగ్గర్నుంచి ఇదే పిచ్చి నాకు. ఫెయిరింగ్ లేకుండా, వెడల్పు హ్యాండిల్‌తో, ఉన్నది ఉన్నట్టు కనపడే బండి. షోలో నిలబెట్టడానికి కాదు, వంపుల రోడ్డు మీద గట్టిగా నడపడానికే కావాలి.

నేను అనుకున్నది ఏంటంటే సుజుకి స్పోర్ట్ బండి జీఎస్‌ఎక్స్‌ఆర్750 యూఎస్‌డీ ఫోర్కులు (లావు ట్యూబు పైన ఉండే తలకిందుల ఫోర్కులు), 17 అంగుళాల చక్రాలు, వెనక 180 టైరు, మోనోషాక్ (వెనక రెండు షాకుల బదులు ఒక్కటే), పాడ్ ఫిల్టర్లు (ఎయిర్‌బాక్స్ తీసేసి కార్బరేటర్లకి విడివిడిగా పెట్టేవి), ఫోర్ ఇంటూ వన్ ఎగ్జాస్ట్ (నాలుగు పైపులు ఒకటిగా కలిసేది), వెనక ఫ్రేమ్ కోసేసి చిన్న సీటు. ముందుభాగం మొత్తం సెట్టుగా ఒకచోట దొరుకుతోంది. వీటిలో ఏది ముందు, ఏది తర్వాత? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి ప్లీజ్.

లేత్_బాబాయ్:
మంచి బండి పట్టావు తమ్ముడూ. ఆ ఎనిమిది వాల్వుల ఇంజిన్ క్రాంక్ రోలర్ బేరింగుల మీద తిరుగుతుంది, ఆయిల్ సరిగా ఉంటే చాలా కాలం మోస్తుంది. 1978లో సుజుకా ఎనిమిది గంటల రేసు మొదటిసారి పెట్టినప్పుడు గెలిచింది ఈ ఇంజినే, కూలీ, మైక్ బాల్డ్‌విన్ నడిపారు. కాబట్టి బండికి సత్తా ఉందా అనే అనుమానం అక్కర్లేదు.

గ్రైండర్ మాత్రం ఇప్పుడే తీయకు. ముందు ఇంజిన్ ఆరోగ్యం చూడు. నువ్వు చెప్పిన ఐడ్లింగ్ గోల వింటుంటే నాకు మొదట అనుమానం వచ్చేది కార్బరేటర్‌కీ హెడ్‌కీ మధ్య ఉండే రబ్బరు బూట్ల వెనక ఓ-రింగుల మీద. బూటు విప్పి చూడు, ఓ-రింగు గుండ్రంగా మెత్తగా ఉండాల్సింది నల్ల ప్లాస్టిక్ ముక్కలా గట్టిపడి పలకగా అయిపోయి ఉంటుంది, గోరుతో నొక్కితే విరుగుతుంది. అక్కణ్నుంచి గాలి లోపలికి పీలుస్తున్నంత కాలం నువ్వు ఎన్ని జెట్లు మార్చినా ఉపయోగం లేదు. తర్వాత వాల్వు క్లియరెన్సులు, 0.03 నుంచి 0.08 మిల్లీమీటర్ల మధ్య, ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు చూడాలి. వీటికి కాలం గడిచేకొద్దీ క్లియరెన్స్ తగ్గుతుంది, పెరగదు, అంటే టకటక శబ్దం రాదు కాబట్టి బాగానే ఉందనుకుని వదిలేస్తారు, ఆ లోపల వాల్వు పూర్తిగా మూసుకోక కాలిపోతుంది. ఆ తర్వాత కంప్రెషన్ చూసి నాలుగూ దగ్గర దగ్గరగా ఉంటే, వ్యాక్యూమ్ గేజులు పెట్టి కార్బరేటర్లు బ్యాలెన్స్ చెయ్.

ఇది అయ్యాకే ఛాసిస్. ఫోర్కులు మార్చడం అంటే చాలామంది స్టెమ్ (ఫోర్కులు తిరిగే ఇరుసు) బేరింగులు సరిపోతే అయిపోయింది అనుకుంటారు, అది సులువైన పని, ఆల్ బాల్స్ అనే బేరింగుల కంపెనీ వాళ్ల ఫోర్క్ కన్వర్షన్ చార్టు చూస్తే ఏ స్టెమ్‌కి ఏ బేరింగో తెలిసిపోతుంది, లేదంటే పాత స్టెమ్‌ని ప్రెస్సులో తీసి కొత్త కింది క్లాంపుకి (ఫోర్కులని పట్టే బిగింపు) లేత్ మీద సరిచేసి ఎక్కించొచ్చు. అసలు విషయం రేక్ (స్టీరింగ్ లైన్ నిలువు నుంచి ఎంత వాలిందో ఆ కోణం), ట్రెయిల్ (ఆ లైన్ నేలని తాకే చోటుకీ ముందు చక్రం ఆనే చోటుకీ మధ్య దూరం, ఇది తగ్గితే బండి నిలకడ తగ్గుతుంది).

లెక్క చెప్తా. చక్రం రేడియస్‌ని రేక్ సైన్‌తో గుణించి, అందులోంచి క్లాంపుల ఆఫ్‌సెట్ (స్టెమ్ కంటే ఫోర్కులు ఎంత ముందుకి ఉన్నాయో) తీసేసి, రేక్ కొసైన్‌తో భాగిస్తే ట్రెయిల్ వస్తుంది. మాటవరసకి 27 డిగ్రీల రేక్, 19 అంగుళాల చక్రం (టైరుతో రేడియస్ 330 మిమీ), ఆఫ్‌సెట్ 45 అనుకో, ట్రెయిల్ 118 దాకా వస్తుంది. ఇప్పుడు 120/70-17 పెడితే రేడియస్ 300కి పడిపోతుంది, ఫోర్కులు కూడా పొట్టివి కాబట్టి ముందు దిగుతుంది, వీల్‌బేస్ 1500 ఉన్న బండికి ముందు 26 మిమీ దిగితే రేక్ ఒక డిగ్రీ తగ్గినట్టే. 50 మిమీ దిగి రేక్ 25 అయిందనుకో, పాత 45 ఆఫ్‌సెట్‌తోనే ఉంటే ట్రెయిల్ 90కి వచ్చేస్తుంది, ఇంత పొడవూ ఇంత బరువూ ఉన్న బండికి అది నాకు నచ్చని నంబరు. అదే స్పోర్ట్ బండి క్లాంపులు, 30 ఆఫ్‌సెట్ ఉన్నవి వాడితే 107 వస్తుంది, హాయిగా ఉంటుంది. అందుకే ఫోర్కులు ఒక్కటే కొని క్లాంపులు ఎవరితోనో చేయించుకోవద్దు, సెట్టుగా తీసుకో.

నీ బండి ట్రెయిల్ ఇప్పుడు ఎంతో కొలుచుకో. సమంగా ఉన్న నేల మీద బండిని నిటారుగా నిలబెట్టి, యాక్సిల్ మధ్య నుంచి గుండుదారం వదిలి నేల మీద గుర్తు పెట్టు. స్టీరింగ్ స్టెమ్ లైన్‌లో ఒక దారాన్ని నేల దాకా లాగి అక్కడ ఇంకో గుర్తు. రెండిటి మధ్య దూరమే నీ ట్రెయిల్. నువ్వు మీద కూర్చుని ఉండగా వేరేవాళ్లు కొలిస్తే ఇంకా మంచిది.

పాజిటివ్_నెగెటివ్:
బాబాయ్ చెప్పాక ఛాసిస్ గురించి నేను మాట్లాడను. కానీ ఈ పాత జీఎస్‌ల గురించి కరెంటు మాట ఎవరూ ఎత్తట్లేదు కాబట్టి చెప్తున్నా, వీటి బలహీనత అక్కడే ఉంది. స్టేటర్ (ఇంజిన్ తిరిగితే కరెంటు పుట్టించే కాయిల్) కాలిపోవడం, రెక్టిఫయర్ (ఆ కరెంటుని బ్యాటరీకి తగ్గట్టు డీసీగా మార్చేది) పోవడం ఈ బండ్లకి చాలా మామూలు.

ఇంజిన్ 5000 ఆర్‌పీఎమ్ దగ్గర పెట్టి బ్యాటరీ టెర్మినల్స్ మీద మీటరు పెట్టు, 14 వోల్టుల చుట్టూ ఉండాలి. 13 దాటకపోతే ఛార్జింగ్ లేదు, 15 దాటితే బ్యాటరీ ఉడికిపోతుంది. కొన్ని మోడల్స్‌లో స్టేటర్ నుంచి వచ్చే మూడు వైర్లలో ఒకటి హెడ్‌లైట్ స్విచ్ దాకా వెళ్లి తిరిగొస్తుంది, ఆ దారిలో ప్రతి కనెక్టరూ తుప్పు పట్టి వేడెక్కుతుంది. ఆ చుట్టు తీసేసి మూడూ నేరుగా రెగ్యులేటర్‌కే (వోల్టేజ్‌ని అదుపు చేసేది) ఇచ్చెయ్. రెగ్యులేటర్ కూడా పాత షంట్ టైపు బదులు షిండెన్‌గెన్ ఎస్‌హెచ్775 లాంటి సిరీస్ టైపు పెట్టుకో. షంట్ టైపు అవసరం లేని కరెంటుని స్టేటర్‌లోనే తిప్పి తిప్పి వేడి పుట్టిస్తుంది, సిరీస్ టైపు అవసరం లేనప్పుడు సర్క్యూటే తెరిచేస్తుంది, స్టేటర్ చల్లగా బతుకుతుంది.

ఇంకోటి, ఇగ్నిషన్ కాయిల్ దగ్గర వోల్టేజ్ చూడు. బ్యాటరీ దగ్గర 12.5 ఉండి కాయిల్ దగ్గర 11 లోపు ఉంటే పాత స్విచ్చులు, వైర్లు మధ్యలో మింగేస్తున్నాయని అర్థం. ఒక రిలే పెట్టి బ్యాటరీ నుంచి ఫ్యూజుతో నేరుగా కాయిల్స్‌కి ఇవ్వు. నీది 1979 కాబట్టి పాయింట్లు (స్పార్క్ కోసం తెరుచుకుని మూసుకునే కాంటాక్టులు) ఉంటాయి, డైనా ఎస్ లాంటి ఎలక్ట్రానిక్ కిట్ పెట్టుకుంటే పాయింట్ల గ్యాప్ గోల ఉండదు. ఎలాగూ స్పీడోమీటర్ కేబుల్ కూడా కొత్త ముందు చక్రంతో పోతుంది, ఎలక్ట్రానిక్ మీటర్ పెట్టాలి కాబట్టి, వైరింగ్ మొత్తం ఒకేసారి కొత్తగా అల్లుకో.

జంటషాక్:
నాది వేరే అభిప్రాయం, బాబాయ్ ఏమీ అనుకోవద్దు.

తమ్ముడు చెప్పిన ఊపుడు చదవండి మళ్లీ. వెనక నుంచి ఊపుతున్నట్టు అన్నాడు. అది ఫోర్కులు సన్నగా ఉండటం వల్ల వచ్చేది అని నేననుకోను, నా అంచనా స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ కదిలే చేయి) బేరింగులు. జీఎస్‌లో అక్కడ నీడిల్ బేరింగులు ఉంటాయి, గ్రీజు ఎండిపోయి సూదులకి తుప్పు పట్టి లోపలి స్లీవు మీద గాట్లు పడతాయి. బండిని సెంటర్ స్టాండ్ మీద పెట్టి, షాకుల కింది బోల్టులు విప్పి, స్వింగ్ ఆర్మ్ చివర పట్టుకుని పక్కకి ఊపి చూడు, అది తిరిగే పివోట్ దగ్గర కొంచెం వదులున్నా చక్రం దగ్గరికొచ్చేసరికి చాలా ఎక్కువ. అలాగే స్టీరింగ్ బేరింగ్, ముందు చక్రం గాలిలో ఉండగా హ్యాండిల్ మెల్లగా తిప్పితే మధ్యలో టక్కున ఆగినట్టు అనిపిస్తే బాల్స్ కప్పులో గుంతలు చేసుకున్నాయని అర్థం, టేపర్ రోలర్లు పెట్టెయ్. జీఎస్1000 ఫోర్కుల్లో గాలి కూడా నింపుతారు కదా, ఒక కాలులో ఎక్కువ ఒక కాలులో తక్కువ ఉన్నా ముందు చక్రం తిక్కతిక్కగా ఉంటుంది.

నా సలహా: ఈ 37 మిమీ ఫోర్కుల్లోనే నీ బరువుకి తగ్గ స్ప్రింగులు, రేస్‌టెక్ ఎమ్యులేటర్లు (ఫోర్కు డ్యాంపింగ్ మెరుగుపరిచే వాల్వులు), ఫోర్క్ బ్రేస్, వెనక మంచి జంట షాకులు, రెండు చక్రాలకీ కొత్త టైర్లు (బ్రిడ్జ్‌స్టోన్ బీటీ46 ముందు 19 సైజులో కూడా వస్తుంది). బ్రేకులకి కొత్త సీల్స్, స్టీల్ అల్లిక లైన్లు. అంతే. ఇలా నడిపి చూసి, అప్పుడు కూడా ఏం తక్కువైందో నీకే తెలిస్తే ఫోర్కులు కొనుక్కో. కూలీ బండి కూడా జంట షాకులదే, అది మర్చిపోవద్దు.

మోనోషాక్ మాత్రం వద్దే వద్దు.

ఎర్రట్యాంకు_78:
అన్నా, బాబాయ్, ఇద్దరికీ థాంక్స్, ఇంత వివరంగా ఎక్కడా దొరకలేదు. జంటషాక్ అన్నా, మోనోషాక్ ఎందుకు వద్దో కొంచెం చెప్పవా? చాలామంది చేస్తున్నారు, చూడటానికి కూడా వెనక ఖాళీగా బాగుంటుంది. ఇంకా 180 టైరు గురించి ఎవరూ ఏమీ అనలేదు.

లేత్_బాబాయ్:
జంటషాక్ చెప్పిందాంట్లో నాకు తప్పేమీ కనపడలేదు, ఊపుడు విషయంలో నాకంటే బాగా పట్టాడు. మోనోషాక్ సంగతి నేను చెప్తా.

జంట షాకులు చక్రానికి దగ్గరగా ఉంటాయి, చక్రం కదిలినంత దాదాపు షాకూ కదులుతుంది, కాబట్టి చక్రం మీద పడే బరువు ఎంతో ఫ్రేమ్ మీద అంతే. మోనోషాక్ స్వింగ్ ఆర్మ్ పివోట్‌కి దగ్గరగా ఉంటుంది, చక్రం రెండున్నర అంగుళాలు కదిలితే షాకు ఒక అంగుళం కదిలే ఏర్పాటులో ఫ్రేమ్‌కి తగిలే దెబ్బ రెండున్నర రెట్లు. ఆ దెబ్బ పడే చోట సుజుకి వాళ్లు పలచటి అడ్డ పైపు తప్ప ఏమీ పెట్టలేదు, ఎందుకంటే అక్కడ బరువు వస్తుందని వాళ్లు అనుకోలేదు. సరైన గస్సెట్లు (మూలల్లో బలానికి వేసే రేకులు), కింద పైన కొత్త ట్యూబులు, జిగ్‌లో (ఫ్రేమ్ వంగకుండా పట్టే చట్రం) బిగించి వెల్డింగ్, ఇవన్నీ చేయగలిగితే చెయ్, బాగానే ఉంటుంది. ట్యాంకు కింద ఒక ప్లేటు అతికించి షాకు వేలాడదీసిన ఫొటోలు మాత్రం నమ్మొద్దు, అది ఏదో ఒకరోజు గుంత మీద చిరుగుతుంది.

180 టైరుకి 5.5 అంగుళాల రిమ్ కావాలి. నీ ఫ్రేమ్‌లో అది పెడితే చైన్ టైరుకి రాసుకుంటుంది, దాన్ని తప్పించడానికి ముందు స్ప్రాకెట్‌ని బయటికి జరపాలి, అలా జరిపితే గేర్‌బాక్స్ అవుట్‌పుట్ షాఫ్ట్ బేరింగ్ మీద చైన్ లాగుడు పెరుగుతుంది, బయట ఇంకో సపోర్ట్ బేరింగ్ పెట్టాల్సి రావచ్చు. దాదాపు 90 హార్స్‌పవర్‌కి ఇదంతా దేనికి? 4.5 అంగుళాల రిమ్, 160/60-17 పెట్టు, బండి వంపులోకి తేలిగ్గా వాలుతుంది. ఇంకా కంపెనీ చైన్ 630 సైజు, తీసేసి చిన్నదైన 530కి మారు, తిరిగే బరువు తగ్గుతుంది, స్ప్రాకెట్లు కూడా ఎన్ని పళ్లవి కావాలంటే అన్ని దొరుకుతాయి. చైన్ లైన్ చూడటానికి వెనక స్ప్రాకెట్ ముఖం మీద పొడవాటి స్ట్రెయిట్ ఎడ్జ్ ఆనించి ముందు స్ప్రాకెట్ దాకా పట్టు, ఒక మిమీకి మించి తేడా ఉండకూడదు.

పాడ్స్ సంగతి, నీ 1979కి ఉన్నవి మికుని వీఎమ్26లు, స్లైడు కేబుల్‌తో లేచేవి, కాబట్టి వ్యాక్యూమ్ కార్బరేటర్ల కంటే పాడ్స్‌ని బాగా ఒప్పుకుంటాయి. అయినా రోడ్డుకి నేను ఎయిర్‌బాక్సే ఉంచుతా, మంచి ఫిల్టరు వేసి ఎగ్జాస్ట్‌కి తగ్గట్టు మెయిన్ జెట్ పెంచుకుంటే మధ్య ఆర్‌పీఎమ్‌లో లాగుడు పోదు. వంపులోంచి బయటికొచ్చేటప్పుడు నీకు కావాల్సింది అదే.

జంటషాక్:
బాబాయ్ చెప్పిందానికి ఒకటి కలుపుతా. యూఎస్‌డీ ఫోర్కులకే వెళ్తే, ఏదీ ఫైనల్‌గా బిగించకముందు హ్యాండిల్ రెండు వైపులా చివరిదాకా తిప్పి చూడు. యూఎస్‌డీ పై ట్యూబులు లావు, క్లాంపులు వెడల్పు, పాత స్టాపర్ కొత్త క్లాంపుకి అందదు, మొదటి యూ-టర్న్‌లోనే ట్యాంకుకి రెండు పక్కలా సొట్టలు పడతాయి. స్టాపర్ వెల్డింగ్ చేయించుకున్నాకే ట్యాంకు ఎక్కించు. కాలిపర్లతో పాటు ఆ బండి మాస్టర్ సిలిండర్ కూడా తీసుకో, పాతది వేస్తే లివర్ గ్రిప్ దాకా వచ్చేయొచ్చు. ఫోర్ ఇంటూ వన్ కలెక్టర్ (పైపులు కలిసే చోటు) సంప్ (ఇంజిన్ అడుగున ఆయిల్ తొట్టి) కింద నుంచి పోతుంది కదా, ముందు 50 మిమీ దిగితే మొదట నేలకి తగిలేది అదే, పైపు కొనేముందే ఆ ఎత్తు కూడా కొలుచుకో.

ఎర్రట్యాంకు_78:
ఇవాళ సాయంత్రం షాకులు విప్పి చూశా అన్నా. స్వింగ్ ఆర్మ్ చివర పట్టుకుని ఊపితే కళ్లకి కనపడేంత కదులుతోంది, పివోట్ బోల్టు లాగితే ఎర్ర తుప్పు పొడి రాలింది. బూట్లు కూడా విప్పా, ఓ-రింగులు నాలుగూ రాయిలా ఉన్నాయి. బేరింగులు, స్లీవులు, ఓ-రింగులు, టేపర్ రోలర్లు ఆర్డర్ పెట్టేశా, రెగ్యులేటర్ కూడా. ఫ్రేమ్ కోయట్లేదు. ఫోర్కుల సెట్టు మాత్రం చౌకగా వస్తోంది కాబట్టి తీసి పక్కన పెడతా, పాత ముందుభాగంతో నడిపాకే దాని సంగతి. కొత్త నీడిల్ బేరింగులు సుత్తితో కొట్టి ఎక్కించొచ్చా, ప్రెస్సే కావాలా?

లేత్_బాబాయ్:
సుత్తి వద్దు, నీడిల్ బేరింగ్ షెల్ పలచన, ఒక పక్క ఒరిగితే నలిగిపోతుంది. పొడవాటి థ్రెడెడ్ రాడ్, రెండు పక్కలా లావు వాషర్లు, నట్లు పెట్టి మెల్లగా లాక్కో. బేరింగ్‌ని ముందురోజు రాత్రి ఫ్రీజర్‌లో పెట్టి, స్వింగ్ ఆర్మ్ గొట్టాన్ని హీట్ గన్‌తో వేడి చేస్తే ఇంకా తేలిగ్గా వెళ్తుంది. పాతది తీసేముందు అది అంచు నుంచి ఎంత లోపలికి ఉందో వెర్నియర్‌తో కొలిచి రాసి పెట్టుకో, కొత్తది సరిగ్గా అంతే లోతుకి వెళ్లాలి. గ్రీజు సూదుల మధ్యలోకి వేలితో నొక్కి నింపు, స్లీవు పెట్టాక చేత్తో తిప్పితే ఎక్కడా పట్టకూడదు.