చర్చ: ఈజిప్టు ఇచ్చిన హామీని స్వీడన్ నమ్మడం తప్పా?

భాస్కర్: 2001 డిసెంబర్ 18న ఈజిప్టు వాళ్లు అహ్మద్ అగీజా, మహమ్మద్ అల్ జెరీల శరణు దరఖాస్తులను ఉగ్రవాద అనుమానంతో స్వీడన్ తిరస్కరించి, ఆ రాత్రే కైరోకి పంపేసింది. వాళ్లను హింసించబోమని ఈజిప్టు రాసిచ్చింది. ఇది డిపోర్టేషనే, అంటే చట్టప్రకారం దేశం నుంచి పంపేయడమే. ఉత్తర్వు స్వీడన్ ప్రభుత్వానిది, విమానం మాత్రమే అమెరికాది.

రాధిక: విమానం ఒక్కటేనా? స్టాక్‌హోమ్‌లోని బ్రొమ్మా విమానాశ్రయంలో ముసుగులేసుకున్న అమెరికన్లు వాళ్ల బట్టలు కత్తెరతో కోసేసి, ఓవరాల్ తొడిగి, తలకు ముసుగేసి, కాళ్లూ చేతులూ కట్టారు. స్వీడన్ పోలీసులు చూస్తూ నిలబడ్డారు. రెండిషన్ అంటే, కోర్టు దాకా వెళ్లకుండా మనిషిని రహస్యంగా మరో దేశానికి అప్పగించడం అంటే, ఇదే.

సురేష్: నేరం రుజువైందా అసలు?

భాస్కర్: అగీజాకి 1999లోనే ఈజిప్టు సైనిక కోర్టు 25 ఏళ్లు వేసింది.

రాధిక: అతను లేకుండానే వేసింది. అల్ జెరీనైతే 2003 అక్టోబర్‌లో ఏ కేసూ పెట్టకుండానే వదిలేశారు.

భాస్కర్: హామీ సంగతి దాటేస్తున్నారు. అగీజా భార్య కేసులో 2003లో ఐరాస చిత్రహింసల వ్యతిరేక కమిటీయే ఈ హామీ చాలంది.

రాధిక: కమిటీకి అప్పుడు సగమే తెలుసు. స్వీడన్ రాయబారి మొదటిసారి జైలుకెళ్లింది 2002 జనవరి 23న, ఐదు వారాలకి. ఒంటి మీద దెబ్బలు మానిపోవడానికి ఆ గడువు చాలు. జైలు అధికారులు పక్కనే ఉన్నా, గార్డులు కొడుతున్నారని, నిద్రపోనివ్వడం లేదని అగీజా చెప్పాడు. ఆ ముక్కను స్వీడన్ కమిటీకి చూపలేదు. అది బయటపడ్డాక 2005 మేలో అదే కమిటీ స్వీడన్‌ది తప్పని తేల్చింది. హామీ నిలవాలంటే మొదటి రోజుల్లోనే, ముందు చెప్పకుండా, డాక్టర్‌ని వెంటబెట్టుకుని, ఖైదీతో ఏకాంతంగా మాట్లాడాలి. ఇవేవీ ఒప్పందంలో లేవు.

భాస్కర్: అయితే అమల్లో లోపం. పంపడమే తప్పెలా అవుతుంది? ఉగ్రవాదుల మీద మీకున్న జాలి, వాళ్ల చేతుల్లో చచ్చేవాళ్ల మీద లేదు.

లక్ష్మి: వ్యక్తిగతంగా వద్దండీ.

రాధిక: ఇప్పుడు అసలు మాట వచ్చింది. ముప్పు పెద్దదైతే హింస భయాన్ని పక్కన పెట్టొచ్చు, అంతేగా మీరనేది?

భాస్కర్: అవును, అదే అంటున్నా. సెప్టెంబర్ 11 జరిగి మూడు నెలలే. నిఘా సమాచారాన్ని కోర్టులో పెట్టలేని ప్రభుత్వం ఏం చేయాలి?

రాధిక: ఆ త్రాసే కుదరదని 1996లో చహల్ కేసులో యూరప్ మానవ హక్కుల కోర్టు చెప్పింది. ఆయన పంజాబ్ సిక్కు, బ్రిటన్ పంపాలనుకున్నది మన దేశానికే. మన ప్రభుత్వం ఇచ్చిన హామీ కూడా చాలదన్నారు. నిఘా సమాచారం ఉంటే కనీసం ఒక్క జడ్జి చూడాలి. అగీజా, అల్ జెరీల విషయంలో స్వీడన్ ప్రభుత్వానిదే తొలి మాట, అదే ఆఖరి మాట, అప్పీలు లేదు. అల్ జెరీ తన లాయర్‌తో ఫోన్‌లో మాట్లాడుతుండగానే పోలీసులొచ్చారు, లైన్ కట్ అయింది.