స్పా సర్క్యూట్‌లో పోర్షే 911 వెనుక భాగం జారిపోతోంది: తెచ్చుకున్న సెటప్‌ను ఎక్కడి నుంచి సరిచేయాలి?

ప్రశ్న

మిత్రులందరికీ నమస్కారం. అసెట్టో కోర్సా కాంపెటిజియోనె అనే కార్ రేసింగ్ కంప్యూటర్ ఆటలో నేను ఎనిమిది నెలలుగా జీటీ3 తరగతి రేసు కార్లు నడుపుతున్నాను. గత రెండు నెలలుగా 991 తరానికి చెందిన పోర్షే 911 జీటీ3 ఆర్ రెండవ రూపాన్నే పట్టుకొని, బెల్జియంలోని స్పా ఫ్రాంకోర్‌షాంప్ సర్క్యూట్ మీదే సాధన చేస్తున్నాను. ఆటతో పాటు వచ్చే అగ్రెసివ్ సెటప్‌తో (సెటప్ అంటే కారు అమరికల జాబితా) నా ల్యాపు 2:20.6 దగ్గర నిలకడగా ఉంటుంది. పది ల్యాపులు నడిపితే వాటిలో ఎనిమిది అర సెకను తేడాలోనే వస్తాయి.

ఇంతకంటే వేగం కావాలనుకొని, ఎవరో నేర్పరి అయిన ఆటగాడు పంచిన సెటప్ ఫైలును తెచ్చుకున్నాను. అది 2021లో తయారైనది. 22 డిగ్రీల గాలి ఉష్ణోగ్రతకు చేసినదని ఫైలు పేరులోనే ఉంది. దానితో ఒక ల్యాపు 2:19.4 వచ్చింది. కానీ 30 డిగ్రీల వాతావరణం పెట్టిన గంట నిడివి రేసులో కారు నా చేతిలో నిలవలేదు. కెమ్మెల్ స్ట్రెయిట్ చివర లే కోంబ్ కోసం బ్రేకు వేస్తూ స్టీరింగ్ తిప్పగానే వెనుక భాగం బయటకు పోతుంది. పూహోన్ మొదటి ఎడమ మలుపులో యాక్సిలరేటర్ కొద్దిగా వదిలినా అదే జరుగుతుంది. విచిత్రం ఏమిటంటే, లా సోర్స్ వంటి నెమ్మదైన మలుపులో మాత్రం ముందు చక్రాలు తిరగక కారు బయటి అంచు వైపు నెట్టుకుపోతుంది.

ఆ తర్వాత నేను వెనుక వింగ్ (గాలితో కారును నేలకు అదిమే రెక్క) పెంచాను, వెనుక యాంటీ రోల్ బార్ (మలుపులో కారు పక్కకు ఒరగకుండా ఆపే కడ్డీ) మెత్తబరిచాను, డ్యాంపర్లు (స్ప్రింగుల ఊపును అదుపు చేసేవి) మార్చాను, టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) మార్చాను. ఇప్పుడు కారు నెమ్మదించింది, జారడం మాత్రం ఆగలేదు. ఈ మార్పుల్లో ఏది మేలు చేసిందో, ఏది కీడు చేసిందో నాకు తెలియడం లేదు. ఇలాంటి పరిస్థితిలో ఏ వరుసలో ముందుకు వెళ్లాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

మొదటి సమాధానం

ముందుగా మీరు చేసిన మార్పులన్నీ వెనక్కి తీసేసి, తెచ్చుకున్న ఫైలును యథాతథంగా మళ్లీ లోడ్ చేయండి. ఆ తర్వాత స్ప్రింగుల జోలికీ వింగ్ జోలికీ వెళ్లకుండా టైర్ ప్రెషర్లు ఒక్కటే చూడండి. మీరు ఇచ్చిన వివరాలను బట్టి, సమస్యలో పెద్ద భాగం అక్కడే ఉందని నా నమ్మకం.

కారణం చెబుతాను. 2021 నాటి సెటప్‌లలో టైరు వేడెక్కిన తర్వాత 27.5 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలమానం) చుట్టుపక్కల ఉండాలని గురి పెట్టుకునేవారు, ఎందుకంటే ఆటలో టైరు ప్రవర్తనను లెక్కించే అప్పటి నమూనా అక్కడే బాగా పట్టు ఇచ్చేది. 2023 ఏప్రిల్‌లో వచ్చిన ఆట 1.9 వెర్షన్ పొడి రోడ్డుపై వాడే టైరు నమూనాను మార్చింది. అప్పటి నుంచి వేడి మీద 26 నుంచి 27 పీఎస్ఐ మధ్య ఉంటేనే టైరు సరిగా పనిచేస్తుంది. అంటే మీ ఫైలు, దానిని తయారు చేసిన వాతావరణంలోనే నడిపినా, ఈనాటి టైరుకు అర పీఎస్ఐకి పైగా ఎక్కువ గాలితో మొదలవుతుంది. దీనికి తోడు గాలి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే వేడి ప్రెషర్ సుమారు 0.1 పీఎస్ఐ పెరుగుతుందని లెక్క వేసుకుంటాం. 22 నుంచి 30కి ఎనిమిది డిగ్రీలు, కాబట్టి ఇంకొక 0.8. రెండూ కలిస్తే మీ టైర్లు రేసులో 28 దాటి ఉంటాయి. (ఇక్కడ ఉష్ణోగ్రత అంటే ఆటలో పెట్టిన వాతావరణం మాత్రమే. మన గదిలోని ఎండకూ దీనికీ సంబంధం లేదు. కొత్తవారు చాలామంది ఇదే అడుగుతారు కాబట్టి చెబుతున్నాను.)

గాలి ఎక్కువైన టైరు నడుమ ఉబ్బి, నేలను తాకే భాగం తగ్గిపోతుంది. పట్టు తగ్గినందువల్ల జారుతుంది, జారినందువల్ల ఇంకా వేడెక్కుతుంది, వేడెక్కినందువల్ల ప్రెషర్ మరింత పెరుగుతుంది. 911లో ఇంజిన్ వెనుక ఇరుసుకు వెనకాలే వేలాడుతూ ఉంటుంది కనుక ఈ విషవలయం వెనుక టైర్లలో ముందుగా మొదలవుతుంది.

ప్రెషర్ సరిచేసేటప్పుడు నాలుగు టైర్లనూ ఒకే గాటన కట్టకండి. స్పా గడియారపు దిశలో సాగే సర్క్యూట్ కాబట్టి మొత్తం మీద ఎడమ టైర్ల మీద భారం ఎక్కువ, అవి ఎక్కువ వేడెక్కుతాయి. ఐదారు ల్యాపులు ఒకే ఊపులో నడిపి, పిట్‌కు తిరిగి వచ్చాక టైర్ల పేజీలో కనిపించే వేడి ప్రెషర్లు వ్రాసుకోండి. నాలుగింటిలో ప్రతిదీ ల్యాపు మధ్యలో 26.5 దగ్గరకు వచ్చేలా చల్లని ప్రెషర్‌ను విడివిడిగా తగ్గించండి. మొదటి రెండు ల్యాపుల అంకెలను లెక్కలోకి తీసుకోకండి, అప్పటికి టైరు పూర్తిగా వేడెక్కదు. ఈ ఒక్క పని ముగించి మళ్లీ ఇక్కడ వ్రాయండి.

రెండవ సమాధానం

పై మిత్రుడు చెప్పిన వరుసతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ప్రెషర్లు సరైన తర్వాత కూడా మిగిలే జారుడు గురించి నాకు తోచినది చెబుతాను.

సెటప్ విషయంలో మనం వేసుకోవలసిన మొదటి ప్రశ్న “కారు జారుతోందా?” అన్నది కాదు, “మలుపులో ఏ దశలో, ఎంత వేగంలో జారుతోంది?” అన్నది. మీరు చెప్పిన లే కోంబ్ సమస్య మలుపు ప్రవేశంలో, అది కూడా అత్యధిక వేగం నుంచి బ్రేకు వేస్తున్నప్పుడు వస్తున్నది. పూహోన్ సమస్య వేగమైన మలుపులో పెడల్ వదిలినప్పుడు వస్తున్నది. లా సోర్స్ సమస్య వింగ్ ప్రభావం దాదాపు లేని తక్కువ వేగంలో వస్తున్నది. గాలి కారును నేలకు అదిమే బలం వేగం వర్గానికి అనుపాతంలో ఉంటుంది. వేగం సగమైతే ఆ బలం నాలుగో వంతుకు పడిపోతుంది. అందువల్ల వింగ్ పెంచడం పూహోన్‌కు కొంత ఉపకరిస్తుంది కానీ, లా సోర్స్‌లో ముందు భాగం నెట్టుకుపోవడానికి దానితో మంచీ లేదు, చెడూ లేదు. కెమ్మెల్ స్ట్రెయిట్ మీద మాత్రం దానికి మూల్యం చెల్లించాలి. మీ కారు నెమ్మదించడానికి కారణం అదే.

లే కోంబ్ దగ్గర అసలు జరుగుతున్నది ఇది. గట్టిగా బ్రేకు వేయగానే ముక్కు దిగుతుంది, తోక లేస్తుంది. ముందు భాగం నేలకు దగ్గరైన కొద్దీ గాలి బలం ముందు చక్రాల వైపు జరుగుతుంది. సరిగ్గా అదే క్షణంలో మీరు స్టీరింగ్ తిప్పుతారు. అప్పటికే తేలికైపోయిన వెనుక టైర్లు ఆ భారాన్ని మోయలేవు. వేగంగా నడిపేవారి సెటప్‌లలో ముందు రైడ్ హైట్ (నేల నుంచి కారు ఎత్తు) వీలైనంత తక్కువగా, వెనుక రైడ్ హైట్ ఎక్కువగా ఉండటం మామూలే, ఎందుకంటే వారికి మలుపులో చురుకుగా తిరిగే ముక్కు కావాలి, ఆ తోకను అదుపు చేసే నేర్పు వారి కాళ్లలో ఉంది. వెనుక రైడ్ హైట్‌ను రెండు మూడు మిల్లీమీటర్లు తగ్గించి చూడండి. అది చాలకపోతే బ్రేక్ బయాస్‌ను (ముందు, వెనుక చక్రాల మధ్య బ్రేకు బలం పంపకం) ఒక శాతం లోపు ముందుకు జరపండి. ఈ రెండిటినీ ఒకేసారి చేయవద్దు.

డిఫరెన్షియల్ (రెండు వెనుక చక్రాలకు ఇంజిన్ బలాన్ని పంచే భాగం) ప్రీలోడ్, అంటే దాని ముందస్తు బిగింపు గురించి ఒక మాట. దానిని పెంచితే యాక్సిలరేటర్ వదిలినప్పుడు రెండు వెనుక చక్రాలూ కలిసి తిరగడానికి మొగ్గు చూపుతాయి కనుక పూహోన్‌లో మీరు చెప్పిన జారుడు తగ్గుతుంది. కానీ అదే కారణం చేత లా సోర్స్‌లో కారు మరింతగా బయటకు నెట్టుకుపోతుంది. ఒక మలుపులో పొందినది మరొక మలుపులో ఇచ్చుకోవాలి. మీ ల్యాపులో పూహోన్ విలువ ఎక్కువ, ఎందుకంటే అక్కడ జారితే రేసే పోతుంది. లా సోర్స్‌లో మహా అయితే పదో వంతు సెకను పోతుంది. నేనైతే ప్రీలోడ్‌ను కొద్దిగా పెంచి, లా సోర్స్ నష్టాన్ని ముందు యాంటీ రోల్ బార్ ఒక మెట్టు మెత్తబరచడంతో కొంత పూడ్చుకుంటాను. డ్యాంపర్లను ఇప్పటికి వదిలేయండి. వాటి మార్పును నేను కూడా టెలిమెట్రీ (కారు నడిచిన తీరు నమోదు) లేకుండా నమ్మకంగా గుర్తించలేను.

మూడవ సమాధానం

నాది కొంచెం భిన్నమైన మాట. పై ఇద్దరూ చెప్పినవి సాంకేతికంగా సరైనవే, అయినా ఈ సమస్యను కారు వైపు నుంచి మాత్రమే చూస్తే సగమే పరిష్కారమవుతుందని నా అభిప్రాయం.

911ను ముందు ఇంజిన్ కారులాగా నడిపితే ఏ సెటప్ పెట్టినా జారుతుంది. బ్రేకు పెడల్‌ను గట్టిగా తొక్కి ఒక్కసారిగా వదిలేస్తే, ముందుకు వచ్చిన బరువు కుదురుకోకముందే వెనక్కి పోతుంది, ఆ ఊపులో తోక ఊగుతుంది. లే కోంబ్‌లో స్టీరింగ్ కోణం పెరిగిన కొద్దీ బ్రేకు ఒత్తిడి క్రమంగా తగ్గుతూ, మలుపు లోపలి అంచుకు చేరేసరికి సున్నా కావాలి. పూహోన్‌లో మలుపు మధ్యలో పెడల్ వదలడం అంటే మీరు లోపలికి ఎక్కువ వేగంతో వచ్చారని అర్థం. మలుపుకు ముందే, కారు నిటారుగా ఉన్నప్పుడే వేగం కాస్త తగ్గించి, లోపల సగం యాక్సిలరేటర్‌ను కదలకుండా పట్టి ఉంచండి. నేను ఇది అలవరచుకోవడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాల్లో సెటప్ ఒక్కసారి కూడా మార్చలేదు.

దీనికి మీరు ఊహ మీద ఆధారపడనవసరం లేదు. సెటప్‌లోని ఎలక్ట్రానిక్స్ పేజీలో టెలిమెట్రీ ల్యాపుల సంఖ్య పెట్టుకుంటే, ఆట మోటెక్ (టెలిమెట్రీని గీతలుగా చూపే సాఫ్ట్‌వేర్) ఫైళ్లను మీ డాక్యుమెంట్స్ ఫోల్డరులో వ్రాస్తుంది. అందులో బ్రేకు గీతనూ స్టీరింగ్ గీతనూ ఒకదాని కింద ఒకటి పెట్టి చూడండి. స్టీరింగ్ పెరుగుతున్న చోట బ్రేకు గీత నిట్టనిలువుగా కూలిపోతుంటే తప్పు సెటప్‌ది కాదు. అది వాలుగా దిగుతున్నా కారు జారుతుంటే, అప్పుడు రెండవ సమాధానంలోని రైడ్ హైట్ సలహా పాటించండి.

ఇంకొకటి, ఎవరూ ప్రస్తావించనిది ఇంధనం. ఒక్క ల్యాపు వేగం కోసం చేసిన ఫైలులో కొద్ది లీటర్లే ఉంటాయి. ఈ కారులో ఇంధన ట్యాంకు ముందు భాగంలో ఉంటుంది. గంట రేసుకు మరో 80 లీటర్లు నింపితే దాదాపు 60 కిలోలు ముందు వైపు చేరుతాయి. అందుకే రేసు మొదట్లో లా సోర్స్‌లో ముక్కు తిరగదు. ఇంధనం ఖాళీ అవుతున్న కొద్దీ సమతూకం వెనక్కి జరుగుతుంది, చివరి పావుగంటలో తోక ఇంకా చురుకవుతుంది. కాబట్టి సాధన చేసేటప్పుడు సగం ట్యాంకుతో నడపండి. ఒకే కారు రేసు మొదట్లో ఒకలా, చివర ఇంకోలా ప్రవర్తిస్తుంటే ప్రతిసారీ సెటప్‌ను నిందించడం న్యాయం కాదు.

ప్రశ్న వేసిన వ్యక్తి జవాబు

ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. నాలుగు రోజులు మీరు చెప్పిన వరుసలోనే పని చేశాను.

మొదట ఫైలును యథాతథంగా పెట్టి, 30 డిగ్రీల వాతావరణంలో, 50 లీటర్ల ఇంధనంతో ఆరు ల్యాపులు నడిపాను. వేడి ప్రెషర్లు ఎడమ వైపు 28.5, 28.6, కుడి వైపు 28.1, 28.2 వచ్చాయి. మొదటి సమాధానంలోని లెక్క ఇంత దగ్గరగా సరిపోతుందని నేను అనుకోలేదు. నాలుగింటినీ 26.5 చుట్టూ తెచ్చాక, మరేమీ మార్చకుండానే పది ల్యాపుల్లో రెండుసార్లు మాత్రమే జారాను, అంతకు ముందు ఆరుసార్లు జారేవాడిని.

తర్వాత మోటెక్ తెరిచాను. మూడవ సమాధానంలో చెప్పినట్లే లే కోంబ్‌లో నా బ్రేకు గీత గోడలా కూలుతోంది. రెండు రోజులు ఆ ఒక్క మలుపునే సాధన చేసిన తర్వాత గీత వాలుగా మారింది, అక్కడ జారుడు పూర్తిగా ఆగింది. అందువల్ల బ్రేక్ బయాస్‌ను ముట్టుకోలేదు. పూహోన్‌లో ఇంకా అనుమానంగా ఉండటంతో వెనుక రైడ్ హైట్ రెండు మిల్లీమీటర్లు తగ్గించాను. ముక్కు చురుకుదనం కొంత తగ్గింది కానీ నాకు ఆ నమ్మకమే ముఖ్యం. ప్రీలోడ్ జోలికి ఇంకా వెళ్లలేదు.

ప్రస్తుతం సగం ట్యాంకుతో పది ల్యాపుల సగటు 2:19.7. లా సోర్స్‌లో ముందు భాగం నెట్టుకుపోవడం మాత్రం అలాగే ఉంది. ముందు యాంటీ రోల్ బార్ ఒక మెట్టు మెత్తబరచడం ఈ వారాంతంలో చేయబోయే ఒకే ఒక్క మార్పు. దాని ఫలితాన్ని టెలిమెట్రీతో సహా ఇక్కడే వ్రాస్తాను.