35 దాటాక మొదటి కాన్పు అయితే రొమ్ము క్యాన్సర్ ముప్పు ఎక్కువా?

నా వయసు 41. పోయిన వారం మామూలు చెకప్‌కి వెళ్తే ఒక ఫారం ఇచ్చారు. మొదటి నెలసరి ఏ వయసులో, మొదటి కాన్పు ఎప్పుడు, పాలు ఎన్నాళ్లు ఇచ్చారు... 11, 36, 14 నెలలు అని రాశాను. డాక్టరుగారు ఆ 36 చుట్టూ పెన్నుతో సున్నా చుట్టి, "ఏడాదికోసారి మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) చేయించుకోండి" అని తర్వాతి పేషెంటును పిలిచేశారు. ఆ సున్నా ఎందుకని అడగాలన్న తెలివి నాకు మెట్లు దిగాక వచ్చింది!

అప్పటినుంచి చదువుతూనే ఉన్నాను. నెలసరి త్వరగా మొదలైనా, 55 దాటాక ఆగినా, ఒంట్లో ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ ప్రభావం ఎక్కువ కాలం ఉంటుంది కాబట్టి ముప్పు కొంచెం పెరుగుతుందట. సరే. పాలివ్వడం మేలే: 2002లో 30 దేశాల అధ్యయనాలు కలిపి చూస్తే, పాలిచ్చిన ప్రతి 12 నెలలకీ ముప్పు 4.3 శాతం తగ్గిందట. తిరకాసంతా కాన్పు దగ్గరే. చిన్న వయసులో బిడ్డను కంటే దీర్ఘకాలంలో రక్షణ, 35 దాటాక మొదటి బిడ్డను కంటే మాత్రం అసలు పిల్లలు లేనివాళ్లకన్నా కొంత ఎక్కువ ముప్పు అంటున్నారు. పైగా కాన్పయిన ఐదేళ్లకి ముప్పు బాగా పెరిగి, తర్వాత మెల్లగా తగ్గుతుందట. మా పాపకి ఇప్పుడు సరిగ్గా ఐదేళ్లు. టెన్షన్ రాదా మరి?

మా ఇంట్లో ఎవరికీ ఈ జబ్బు లేదు. ఆలస్యంగా తల్లులైనవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, మీకు పరీక్షలు ఏ వయసు నుంచి మొదలుపెట్టారు? మామోగ్రామ్‌తో పాటు అల్ట్రాసౌండ్ కూడా రాశారా? నెలసరి అయిన ఎన్నో రోజున చేయించుకుంటే నొప్పి తక్కువ? వచ్చే వారం మళ్లీ వెళ్తున్నాను, ఈసారి డాక్టరుగారిని ఏమేం అడగాలో కూడా చెప్పండి.