ఉన్ని తివాచీ మీద టీ మరక: వంట సోడానా, వెనిగరా?

నాలుగో అంతస్తు:
అందరికీ నమస్తే. నిజాంపేటలో మా హాల్లో ఏలూరు ఉన్ని తివాచీ ఉంది, తాతగారి నాటిది. గురువారం పొద్దున దాని మీద పాలు పోసిన టీ ఒలికింది, ముప్పావు గ్లాసు ఉంటుంది. వేడినీళ్లు పోసి బట్టల బ్రష్షుతో గట్టిగా రుద్దాం. వంట సోడా చల్లి రాత్రంతా వదిలేశాం. ఇవాళ ఆదివారం. మరక పోలేదు సరికదా, లేతగా ఉన్నది కాస్తా ముదురు గోధుమకి తిరిగింది, చుట్టూ గీత కట్టింది. క్లీనింగ్ అతను 2500 అవుతుంది, గ్యారంటీ ఇవ్వను అంటున్నాడు. ఇంట్లో చేసుకునే దారేమైనా ఉందా? పారేయమని మాత్రం చెప్పకండి.

సోడాబుడ్డి:
సోడా ఒక్కటే చల్లితే ఎలా పోతుందండీ? దాని మీద వెనిగర్ పోయాలి. బుసబుసా పొంగుతుంది, ఆ పొంగుతో మురికి పైకొస్తుంది. మా ఇంట్లో తొమ్మిదేళ్లుగా ఇదే. ముగ్గురు పిల్లలు, బూస్టు, కాఫీ, ఓ రంజాన్ నెలలో రూహ్ అఫ్జా కూడా. ఒక్క మరక మిగిలితే అడగండి.

లిట్మస్ మాస్టారు:
ఆ పొంగు కార్బన్ డయాక్సైడ్ వాయువు, అంతే. సోడా క్షారం, వెనిగర్ ఆమ్లం. రెండూ కలిస్తే ఒకదాని పని ఒకటి చెడగొట్టుకుని సోడియం అసిటేట్ అనే ఉప్పు, నీళ్లు మిగులుతాయి. కళ్లకి పండగ, మరకకి ఏమీ లేదు.
అసలు సోడా ఎందుకు వేశారండీ? రెండు గ్లాసుల్లో పాలు లేని టీ పోయండి. ఒకదాంట్లో చిటికెడు వంట సోడా వేయండి, నల్లబడుతుంది. రెండోదాంట్లో నిమ్మకాయ పిండండి, తేటబడుతుంది. మీ తివాచీ మీద జరిగింది ఆ మొదటి గ్లాసు కథే. పైగా ఉన్ని అంటే గొర్రె వెంట్రుక. దానికి క్షారం పడదు, పోగు గరుకెక్కుతుంది.

సోడాబుడ్డి:
క్లాసు బాగుంది మాస్టారూ. మా హాల్లో మరకలు పోయాయా లేదా? అది చెప్పండి.

లిట్మస్ మాస్టారు:
మీది ఉన్నిదేనా? అది చెప్పండి ముందు.

నూజివీడు రసం:
తెలియకపోతే ఒక పోగు పీకి అగ్గిపుల్ల చూపించండి. జుట్టు కాలిన వాసనొచ్చి చిదిమితే పొడైపోతే ఉన్ని. కరిగి పూసలా గట్టిపడితే ప్లాస్టిక్.

ఫ్రిస్కో వదిన:
నా బాధ వినండి. ఇక్కడ అపార్ట్‌మెంట్ అంతా గోడ నుంచి గోడ దాకా నైలాన్ కార్పెట్. పిల్లాడు ఎర్ర జ్యూస్ పోశాడు. ఆ జ్యూసుల్లో వేసే రంగు, నైలాన్‌కి అద్దే రంగు ఇంచుమించు ఒకే జాతివట, పట్టిందంటే వదలదు. ఖాళీ చేసినప్పుడు 380 డాలర్లు కోశారు. మేము దిగకముందే ఉన్న కాఫీ మరక కూడా మా లెక్కలోనే రాశారు! టెక్సాస్‌లో ఖాళీ చేసి కొత్త అడ్రసు ఇచ్చాక 30 రోజుల్లోగా డిపాజిట్ తిరిగివ్వాలి, కోస్తే దేనికెంతో రాసివ్వాలి. అప్పుడు నాకు ఈ సంగతి తెలియదు. ఇల్లు దిగిన రోజే ఫొటోలు తీసుకోండి అందరూ.

గడప దాటనోడు:
వదినా, ఆ తివాచీ నిజాంపేటలో ఉంది.

సోడాబుడ్డి:
మాది 2200 పెట్టి కొన్నది, ప్లాస్టిక్ పోగే. అయితే ఏమిటి? మురికి మురికే.

లిట్మస్ మాస్టారు:
అయితే చాలా! వదినగారి నైలాన్ సంగతి వేరు. ఇలాంటి చవక ప్లాస్టిక్ పోగు నీళ్లు పెద్దగా పీల్చదు, మరక పైపైనే ఉంటుంది, ఉత్త నీళ్లతో తుడిచినా చాలా మటుకు పోయేది. మీ తొమ్మిదేళ్ల అనుభవం ఆయనకి పనికిరాదు.
ఇంకోమాట. సోడాకంటే పెద్ద తప్పు వేడినీళ్లు.

గడప దాటనోడు:
ఇది నాకు ఎక్కలేదు సార్. వేడికి పాలు పోగుకి అతుక్కుపోతాయనా? టీలో పాలు ముందే పొయ్యి మీద మరిగాయిగా. మళ్లీ వేడినీళ్లు పడితే కొత్తగా అయ్యేదేమిటి?

లిట్మస్ మాస్టారు:
మంచి ప్రశ్న. పాల సంగతి వదిలేయండి. ఉన్నికి రంగు అద్దేవాళ్లు ఏం చేస్తారు? రంగునీళ్లలో వేసి మరిగిస్తారు. వేడికి పోగు విచ్చుకుని రంగుని లోపలికి తీసుకుంటుంది. టీలోని వగరు పదార్థం కూడా ఒక రంగే. వీళ్లు తివాచీకి టీ రంగు అద్దారు, అదీ బ్రష్షుతో. ఒలికిన ఎంతసేపటికి నీళ్లు పోశారో చెప్తే ఎంత లోపలికి వెళ్లిందో అంచనా వేయొచ్చు.

నాలుగో అంతస్తు:
పది నిమిషాలు అయ్యుంటుంది. ఒలికించింది మా పనమ్మాయి. ట్రే తెస్తుంటే కాలికి తివాచీ అంచు తగిలింది. తను వెంటనే పొడిగుడ్డ మడతపెట్టి అద్దుతుంటే, అలా పోదని మా ఆవిడ గీజరు నీళ్లు తెచ్చింది. రుద్దింది నేను. ఖర్చులో మొత్తం కాకపోయినా, వెయ్యి ఈ నెల జీతంలో పట్టుకుంటామని తనకి చెప్పాం.

గడప దాటనోడు:
జీతం ఎంత?

నాలుగో అంతస్తు:
4500. అది ఇక్కడ అనవసరం.

సోడాబుడ్డి:
అవసరమే. మా అమ్మ మూడిళ్లల్లో అంట్లు తోమి నన్ను డిగ్రీ చదివించింది. ఓ ఇంట్లో కుక్కరు పిడి విరిగితే నలభై రూపాయలు కోశారు. ఆ పిడికి అప్పటికే బట్ట చుట్టి ఉంది, ఎప్పుడో పగిలిందే! ఆ వారం మా ఇంట్లో పప్పు లేదు. మరక పోయినా పోకపోయినా వెయ్యి ఆ అమ్మాయికి ఇచ్చేయండి.

లిట్మస్ మాస్టారు:
మనసు మంచిదే కానీ, చేతిలో పని జారితే బాధ్యత ఉండొద్దా? మా కాలేజీ ల్యాబులో బ్యూరెట్టు, అంటే కొలతల గాజు గొట్టం, పగిలితే కుర్రాళ్లు కట్టేవారు. కట్టినవాడు మళ్లీ పగలగొట్టలేదు.

సోడాబుడ్డి:
మీ జీతంలో ఎప్పుడైనా కోశారా మాస్టారూ? సరే, మీ రసాయనమే మాట్లాడదాం. ఒలికిన టీ పొడిగుడ్డతో అద్దితే పోయేదా?

లిట్మస్ మాస్టారు:
చాలా మటుకు పోయేది. మిగిలింది చల్లనీళ్లతో.

సోడాబుడ్డి:
రంగు అద్దింది వేడినీళ్లన్నారు. ముదిరింది సోడా వల్లన్నారు. ఆ రెండూ ఎవరు చేశారు? ఆ అమ్మాయి అద్దుతుంటే ఆపిందెవరు? ఇందాకటి నుంచి మీరు చెప్పిన పాఠమంతా ఆమె వైపు సాక్ష్యమే. మీరే చూసుకోవట్లేదు.

నూజివీడు రసం:
అబ్బ.

నాలుగో అంతస్తు:
నేను మరక పోయే ఉపాయం అడిగాను. మా ఇంటి జమాఖర్చులు కాదు. మా ఆవిడని ఇందులోకి లాగకండి.

గడప దాటనోడు:
లాగింది మీరే సార్, "మా ఆవిడ గీజరు నీళ్లు తెచ్చింది" అని. మొదటి పోస్టులో "రుద్దాం", "వదిలేశాం" అన్నారు. టీ దగ్గరికొచ్చేసరికి "ఒలికింది". డబ్బుల దగ్గరే మనిషి కనిపించింది.

లిట్మస్ మాస్టారు:
చర్చ దారి తప్పుతోంది. అయినా అడిగారు కాబట్టి చెప్తున్నాను. పొడిగుడ్డతో అద్దడం వరకు ఆ అమ్మాయి చేసింది సరైన పని. ఒలకడం ఒకటి, మరక పడటం ఒకటి. నా బ్యూరెట్టు పోలిక ఇక్కడ నప్పదు.
ఇక మరక. ముందు ఒక మూలన తెల్లగుడ్డ తడిపి రెండు నిమిషాలు అదిమి చూడండి, తివాచీ రంగు గుడ్డకి అంటితే అక్కడితో ఆపి 2500 అతన్నే పిలవండి. అంటకపోతే, పాల జిడ్డు కోసం స్వెట్టర్లు ఉతికే లిక్విడ్ అర చెంచా గ్లాసుడు చల్లనీళ్లలో కలిపి, బయటి గీత నుంచి మధ్యకి అద్దండి. రుద్దొద్దు. మామూలు బట్టల సబ్బుపొడి వద్దు, అది క్షారం. మాంసకృత్తుల మరకని తినే ఎంజైము వేసినవైతే ఉన్నిని కూడా వదలవు, ఉన్నీ మాంసకృత్తే కదా. తర్వాత ఉత్త నీళ్లతో అద్దండి. ఆ పైన తెల్ల వెనిగర్ ఒక వంతు, నీళ్లు రెండు వంతులు. పది నిమిషాలాగి మళ్లీ నీళ్లు. బ్లీచింగ్ జోలికి అసలు పోవద్దు, ఉన్ని కరిగిపోతుంది.

ఫ్రిస్కో వదిన:
ఆరాక మళ్లీ మరక తేలుతుంది చూడండి! మాకు అదే అయింది.

లిట్మస్ మాస్టారు:
వదినగారు చెప్పింది నిజం. తివాచీ తిప్పి చూడండి, అడుగున నూలు పోగు ఉంటే అది టీని పట్టుకుని కూర్చుంటుంది. పైన ఆరుతున్నకొద్దీ దీపం వత్తి నూనెని లాగినట్టు పైకి లాగుతుంది. అందుకని పొడి టవలు నాలుగు మడతలు వేసి, మీద బరువు పెట్టి రాత్రంతా ఉంచండి. తేలేదేదో టవలుకి ఎక్కుతుంది.

సోడాబుడ్డి:
ఇవన్నీ మీరు చేతులతో ఎప్పుడైనా చేశారా మాస్టారూ?

లిట్మస్ మాస్టారు:
మా ఆవిడ చేసింది. నేను చెప్పాను.

సోడాబుడ్డి:
అనుకున్నా.

నాలుగో అంతస్తు:
బుధవారం రాత్రి. మాస్టారు చెప్పినట్టు రెండుసార్లు చేశాం. మూల పరీక్షలో రంగు అంటలేదు. మొదటి రాత్రి టవలు మీద టీ రంగు గుండ్రంగా దిగింది, రెండో రాత్రి కొంచెమే. మధ్యలో బాగా తగ్గింది. గీత మాత్రం పక్క నుంచి చూస్తే ఇంకా కనిపిస్తోంది. నేను బ్రష్షు వేసిన చోట పోగు నిక్కబొడుచుకుంది, అది అలాగే ఉండేలా ఉంది.
అద్దడం పనమ్మాయే నేర్పింది, నా చేయి బరువుగా పడుతోందట. వెయ్యి కోయడం లేదు.

సోడాబుడ్డి:
ఆ రెండు రోజులు అద్దించుకున్నందుకు విడిగా ఏమన్నా ఇచ్చారా?

లిట్మస్ మాస్టారు:
మూడోసారి వెనిగర్ వేసే ముందు పూర్తిగా ఆరనివ్వండి. ఫ్యాను కింద రెండు రోజులు.