వరద రాత్రి సంతకం ఎవరిది? కలెక్టర్‌దా, పంచాయతీదా?

హన్మకొండ చౌరస్తా:
డిసెంబరు 2025 ఎన్నికలతో ఊళ్లకు మళ్లీ సర్పంచులు వచ్చారు. వానాకాలం లోపు ఒక సంగతి తేల్చుకుందాం. విపత్తు అని ప్రకటించగానే పెత్తనం మొత్తం కలెక్టర్ చేతికి పోవాలా? లేక పంచాయతీ కూడా సొంతంగా ఖర్చు పెట్టగలగాలా?

నాది కలెక్టర్ పక్షం. 2023 జులై 27 గుర్తుందా? ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన. భూపాలపల్లి దగ్గర మోరంచపల్లిని వాగు ముంచేసింది, జనం మిద్దెలెక్కి కూర్చున్నారు. అప్పుడు ప్రతి ఊరికీ సర్పంచ్ ఉన్నాడు. ఏం చేయగలిగాడు? పడవలైనా హెలికాప్టరైనా పైనుంచే రావాలి కదా.

మత్తడి కింది రైతు:
అన్నా, హెలికాప్టర్ సర్పంచ్ తెస్తాడని ఎవరన్నారు? హెలికాప్టర్ వచ్చేదాకా, అది పోయిన తర్వాతా ఊళ్లో ఏం జరుగుతుందో చెప్తా వినండి.

మాది మహబూబాబాద్ వైపు. 2024 ఆగస్టు 31 రాత్రి, ఇంటికన్నె దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయిన రాత్రే, మా వాగు రోడ్డు మీదికి ఎక్కింది. సర్పంచుల పదవీకాలం ఫిబ్రవరిలోనే అయిపోయింది. సర్పంచ్ బదులు మాకు పెట్టిన ప్రత్యేకాధికారి నాలుగు ఊళ్లకు ఒక్కరే, ఉండేది టౌన్లో. ఆయన తప్పు కాదు, రోడ్డే లేదు. ఊళ్లో మిగిలింది పంచాయతీ కార్యదర్శి, ఇరవై ఆరేళ్ల అమ్మాయి. ఆమె, పంచాయతీ పన్నులు, లెక్కలు చూసే కారోబారు, ఇద్దరు సఫాయి కార్మికులు. ప్రభుత్వమంటే ఆ రాత్రి ఆ నలుగురే.

మట్టి తోడి నీళ్లు మళ్లించాలి. జేసీబీ ఉంది. ఆ తమ్ముడు అడిగింది ఒక్కటే: "డీజిల్ పైసలు ఎవరిస్తరు?" ఆమెకు ఆ అధికారం లేదు. ఫోన్లు కలవలేదు. చివరికి మాజీ సర్పంచ్ "నేనిస్తా, నడుపు" అన్నాడు. తర్వాత బిల్లు పెడితే ఆఫీసులో ఏమడిగారో తెలుసా? "పని మొదలుపెట్టక ముందు తీసిన ఫొటో ఏది?" అర్ధరాత్రి, కరెంటు లేదు, నడుముల లోతు నీళ్లు. ఫొటో అట! పది నెలలకు సగం వచ్చింది. ఇంకోసారి ఎవరు ముందుకొస్తారు?

వడ్డేపల్లి వకీలు:
మధ్యలో ఒక మాట. విపత్తు ప్రకటన అనగానే రాజ్యాంగంలోని అత్యవసర పరిస్థితి, అంటే 'ఎమర్జెన్సీ' అనుకోవద్దు. యుద్ధం, బయటి దాడి, సాయుధ తిరుగుబాటు, ఇవే 352వ అధికరణంలో ఉన్నవి. వరద లేదు. 2024లో మన రాష్ట్రం అడిగిన 'జాతీయ విపత్తు' ప్రకటనకూ చట్టంలో చోటు లేదు. ఉన్నది 2005 విపత్తు నిర్వహణ చట్టం. దాని కింద కలెక్టర్ జిల్లా విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థకు అధ్యక్షుడు. వాహనాలు, భవనాలు స్వాధీనం చేసుకోవచ్చు. 50వ సెక్షన్ ప్రకారం టెండర్ లేకుండా అత్యవసరంగా కొనడానికి అనుమతి ఇవ్వవచ్చు. 41వ సెక్షన్ స్థానిక సంస్థల మీద సహాయ పనుల బాధ్యత పెట్టింది. డబ్బు మాత్రం పెట్టలేదు.

అసలు తమాషా 25వ సెక్షన్. జిల్లా పరిషత్ ఉన్నచోట దాని అధ్యక్షుడే ఈ సంస్థకు సహాధ్యక్షుడు. అంటే ఎన్నికైన మనిషి కలెక్టర్ పక్కన కూర్చోవాలని చట్టమే చెప్పింది. మన జిల్లా పరిషత్‌ల గడువు 2024 జులైలో ముగిసింది, వాటికి ప్రత్యేకాధికారులుగా కలెక్టర్లనే పెట్టారు. మున్నేరు, ఆకేరు నదులు పొంగింది ఆ తర్వాత, సెప్టెంబరులో.

కాజీపేట లోకో:
అధ్యక్షుడూ ఆయనే, సహాధ్యక్షుడి కుర్చీ చూసేదీ ఆయనే. మీటింగ్ అద్దం ముందు పెట్టుకుంటే సరిపోయేది 😀

రిటైర్డ్ ఉద్యోగి, మండల కార్యాలయం:
నవ్వులు సరే. ముప్పై ఏళ్లు ఫైళ్లు చూసినవాణ్ని, ఒక భయం చెప్తాను. మనది గొలుసుకట్టు చెరువుల ప్రాంతం. ఎగువ ఊరు మునుగుతుందని మత్తడి (చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే గట్టు) తెంపితే ఆ నీళ్లు దిగువ ఊరి మీద పడతాయి. ఎగువ సర్పంచ్‌కు ఓటేసింది ఎగువ వాళ్లే. ఆ నిర్ణయం ఆయనకు వదుల్తామా? 2023లో వరంగల్ భద్రకాళి చెరువు కట్టకు గండి పడినప్పుడు కార్పొరేషన్‌కు ఎన్నికైన పాలకవర్గం ఉంది. అయినా కట్ట పని ఇంజనీర్లది, కార్పొరేటర్లది కాదు.

ఇంకోటి. కూలిన ఇళ్ల జాబితా ఊళ్లో రాస్తే ఎవరి పేర్లు ఎక్కుతాయో, ఎవరివి ఎగిరిపోతాయో నాకు కొత్త కాదు. నిజంగా కూలిన ముసలమ్మ గుడిసె జాబితాలో ఉండదు, పశువుల కొట్టం ఉంటుంది. ఫొటో అడిగేది అందుకే. ఆ ఆఫీసు అడిగిన తీరు మాత్రం సిగ్గుచేటు, ఒప్పుకుంటాను.

మత్తడి కింది రైతు:
సార్, చెరువు మాట మీరన్నదే నిజం. కట్ట, తూము, మత్తడి ఊరి చేతికి వద్దు. మా పొలాలే దిగువన ఉన్నయి, నాకంటే ఎక్కువ ఎవరికి తెలుసు? ఇళ్ల జాబితా కూడా తాసిల్దారే రాయనీయండి, ఊరంతటి ముందు చదవాలి, అంతే.

నేనడిగేది చిన్నది. వకీల్ సాబ్ చెప్పిన 50వ సెక్షన్ అనుమతి కలెక్టర్ మే నెలలోనే కార్యదర్శి పేరు మీద ఇచ్చి పెట్టలేడా? జేసీబీ గంటకు ఎంత, ట్రాక్టర్‌కు ఎంత, ఎండాకాలంలోనే రేటు రాసుకుంటే, వాన రాత్రి ఎవర్నీ బతిమాలే పని ఉండదు. సర్పంచ్ ఉన్నా లేకున్నా అది నడవాలి. బిల్లులు పదిహేను రోజుల్లో గ్రామసభలో చదవాలి. దొంగ బిల్లు ఊరికి తెలిసినట్టు ఆడిట్‌కు తెలుస్తుందా?

వడ్డేపల్లి వకీలు:
కార్యదర్శి పేరు మీద ఇవ్వడం మంచి ఆలోచనే. సర్పంచ్ లేడని ఆగిపోదు. ఎన్నికైన పాలకవర్గాలు లేక కేంద్ర ఆర్థిక సంఘం గ్రాంట్లు ఊళ్లకు ఆగిపోవడం చూశాం కదా. అప్పుడు ట్రాక్టర్ ఉన్నా డీజిల్‌కు కటకటే.

హన్మకొండ చౌరస్తా:
నేను పూర్తిగా మారలేదు. 2023 వరదలోనే ములుగు జిల్లా కొండాయిలో 8 మంది పోయింది జేసీబీ లేక కాదు, జంపన్నవాగు ఎంత ఎత్తున వస్తుందో ముందే చెప్పేవాళ్లు లేక. ఆ హెచ్చరిక పైనుంచే రావాలి. కానీ మే నెల అనుమతికి నేను అడ్డం లేను. పరిమితి ఎంత పెట్టాలి? లక్షా, ఐదు లక్షలా?

మత్తడి కింది రైతు:
రెండు రోజులు జేసీబీ, ట్యాంకర్‌కు డీజిల్, బ్లీచింగ్ బస్తాలు, బడిలో తలదాచుకున్న నూరు మందికి రెండు పూటల అన్నం, పప్పు. లెక్క మండల కార్యాలయం సారే వేసి పెట్టాలి. ముప్పై ఏళ్లు బిల్లులు కోసిన చెయ్యి కదా.