చర్చ: పథకం మారిందని పేషెంటుకు చెప్పాల్సిన బాధ్యత ఎవరిది?

రెడ్‌హిల్స్ వాలంటీర్:

హైదరాబాద్ ఆసుపత్రుల్లో పేషెంట్లకు తోడుగా తిరిగే మా బృందం ఆరోగ్యశాఖకు ఒక వినతిపత్రం తయారుచేస్తోంది. ఇచ్చే ముందు ఇక్కడ చర్చకు పెడుతున్నాను. మేం అడుగుతున్నది ఇదీ. కేంద్రం గానీ రాష్ట్రం గానీ ఏ ఆరోగ్య పథకంలో మార్పు చేసినా, వారంలోగా ఆ సంగతి ప్రతి నెట్‌వర్క్ ఆసుపత్రిలో (అంటే పథకంలో చేరిన ఆసుపత్రిలో), ప్రతి బస్తీ దవాఖానాలో తెలుగులో, ఉర్దూలో గోడ మీద కనపడాలి. అర్థం కానివాళ్లకు విడమరిచి చెప్పే మనిషి కూడా ఉండాలి. జీతమిచ్చి పెట్టిన మనిషి కావాలి, వీలున్నప్పుడు వచ్చే మాలాంటి వాలంటీరు కాదు.

ఈ కొన్నేళ్లలో ఏమేం మారాయో చూడండి. 2021లో తెలంగాణ కేంద్ర ఆరోగ్య పథకం ఆయుష్మాన్ భారత్‌లో చేరింది. 2023 డిసెంబరు 9న రాష్ట్ర పథకం ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలైంది. 2024లో 163 కొత్త చికిత్సలు చేర్చారు, మొత్తం 1,835 అయ్యాయి. అదే ఏడాది అక్టోబరు 29న 70 ఏళ్లు నిండినవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా 5 లక్షల వరకు వైద్యమని కేంద్రం ప్రారంభించింది. మూడు రోజులకే, నవంబరు 1 నుంచి, టీబీ పేషెంట్లకు తిండి కోసం ఇచ్చే నెల డబ్బు 500 నుంచి 1,000 అయింది. 2025 సెప్టెంబరు 22న మందుల మీద జీఎస్టీ తగ్గింది. అన్నీ పేపర్లో ఒక రోజు వచ్చి పోయాయి. ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి బయట చాపలేసుకుని పడుకునే వాళ్లను అడిగితే వీటిలో ఒక్కటి చెప్పగలిగిన వాళ్లు కూడా అరుదు. మీరేమంటారు?

సర్కారు డాక్టర్:

నేను దీనికి వ్యతిరేకం. మీ కష్టం తెలియక కాదు, మీ బృందం పిల్లలు స్ట్రెచర్లు నెట్టడం కళ్లారా చూశాను. కానీ రోగమొకటి, మందొకటి అవుతోంది. పేదవాడికి లేనిది సమాచారం కాదు, మంచం.

ఉస్మానియా పాత భవనంలోకి 2020 జులైలో వాన నీళ్లొచ్చాయి. వార్డులు ఖాళీ చేయించారు. గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది 2025 జనవరి 31న. మధ్యలో గడిచిన నాలుగున్నరేళ్లూ ఉన్న బ్లాకుల్లోనే సర్దుకోవాల్సి వచ్చింది. 2025 కల్లా వైద్యం మీద ప్రభుత్వ ఖర్చును జీడీపీలో 2.5 శాతానికి తెస్తామని 2017 జాతీయ ఆరోగ్య విధానం చెప్పింది. గడువు వచ్చింది, ఆ 2.5 రాలేదు. కన్నేసి ఉంచాల్సిన విధానం ఏదైనా ఉందంటే అదే.

ఇంకో సంగతి. గాంధీకో ఉస్మానియాకో ఎమర్జెన్సీలో వచ్చిన మనిషిని కార్డు లేదని మేం వెనక్కి పంపం. ఏ పథకం ఎప్పుడు మారిందో పేషెంటు తెలుసుకోవాల్సిన పరిస్థితి వచ్చిందంటే వైద్యాన్ని కార్డుకు ముడిపెట్టడం వల్లే. 2025 సెప్టెంబరులో బకాయిలు చెల్లించలేదని ప్రైవేటు ఆసుపత్రులు ఆరోగ్యశ్రీ ఆపేశాయి కదా. అప్పుడు గోడ మీద ఎంత మంచి పోస్టరున్నా పేషెంటుకు మిగిలింది సర్కారు దవాఖానాయే.

ఉప్పల్ అమ్మాయి:

డాక్టర్ గారూ, మంచాలు పెరగాలనే నేనూ అంటాను. కానీ మంచం ఖాళీగా ఉన్నచోట మాకేం జరిగిందో చెబుతాను.

మా అమ్మ బాత్రూంలో జారిపడింది, తుంటి ఎముక విరిగింది. రాత్రిపూట దగ్గర్లోని నెట్‌వర్క్ ఆసుపత్రికి తీసుకెళ్లాం. కౌంటర్‌లో అబ్బాయి రేషన్ కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో రాదమ్మా, ఎస్టిమేట్ వేసిస్తాను" అన్నాడు. ఆ ఎస్టిమేట్ ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద కాదు, మందుల చీటీ వెనక పెన్నుతో రాశాడు. ఇంప్లాంట్, ఓటీ, రూము అని ఒకదాని కింద ఒకటి, కింద గీత, గీత కింద మొత్తం. ఆసుపత్రిలో పథకం పనులు చూసే ఆరోగ్యమిత్ర ఏరీ అంటే పొద్దున వస్తారన్నారు. అమ్మ నొప్పికి అరుస్తోంది. తమ్ముడు వదిన గాజులు కుదువపెట్టడానికి ఎవర్ని లేపాలా అని ఫోన్లు చేస్తున్నాడు. తెల్లారాక ఇంకో ఆసుపత్రికి తీసుకెళ్తే అదే ఆపరేషన్ అదే కార్డు మీద ఆరోగ్యశ్రీలోనే చేశారు.

మొదటి ఆసుపత్రి మీద కంప్లైంటు ఇద్దామనుకున్నాను. ఏం చూపించాలి? చీటీ వెనక నాలుగు అంకెలున్నాయి, అంతే. రాదు అన్న మాట ఎక్కడా లేదు. "మేం అలా అనలేదు, వాళ్లే వెళ్లిపోయారు" అంటే నా దగ్గర జవాబు లేదు. వాలంటీర్ అన్నా, మీ పోస్టరు ఆ గోడ మీద ఉన్నా ఆ రాత్రి నేను చదివేదాన్ని కాదు. రాదని చెప్పినవాళ్లు ఆ ముక్క రాసిచ్చి సంతకం పెట్టేలా చేయండి. రాయాల్సి వస్తే ఆ అబ్బాయి ఒకసారైనా లిస్టు చూసేవాడు.

ఆరోగ్యమిత్ర, పేరు వద్దు:

అక్కా, మీ అమ్మగారి విషయం చదివి బాధేసింది. అయితే కౌంటర్‌కు ఇవతల కూర్చునేవాళ్ల సంగతి కూడా వినండి. మేం అవుట్‌సోర్సింగ్ ఉద్యోగులం. మార్పు వచ్చిందని మాకు ముందు తెలిసేది వాట్సాప్ గ్రూపులోనే. ఒక్కోసారి అదీ రాదు, పథకం పోర్టల్ తెరిస్తే చికిత్సకు నిన్నటి కోడ్ ఈరోజు పని చేయదు. ఎందుకని పైవాళ్లను అడిగి తెలుసుకునేలోపు అవతల పేషెంటు తాలూకు వాళ్లు మా మీదికొస్తారు.

పైగా హైదరాబాద్‌లో ఉన్నది ఒక్క పథకం కాదు. కర్నూలు నుంచి వచ్చినాయన "ఆరోగ్యశ్రీ ఉంది బాబూ" అంటాడు. ఆయనది ఆంధ్ర కార్డు. అక్కడ ఇప్పుడు దాని పేరు ఎన్టీఆర్ వైద్య సేవ, ట్రస్టు వేరు, చికిత్సల లిస్టు వేరు. 2019 నవంబరు నుంచి హైదరాబాద్‌లో కొన్ని ఆసుపత్రులకు ఆ పథకాన్ని విస్తరించారు, అన్నింటికీ కాదు. కొండాపూర్ సైట్‌లో సెంట్రింగ్ పనిచేసే బీహార్ అబ్బాయి ఫోన్‌లో ఆయుష్మాన్ కార్డు చూపిస్తాడు. అది దేశంలో ఎక్కడైనా చెల్లాలి, కానీ ఆ ఆసుపత్రి ఆ పథకంలో ఉండాలి, అతనికొచ్చిన జబ్బును చూసే విభాగం కూడా అందులో ఉండాలి. ఇన్ని చూసుకుని చెప్పాలి. ఇప్పుడు రాతపూర్వకంగా కూడా మేమే ఇవ్వాలంటే, తేడా వచ్చిన రోజు మొదట ఉద్యోగం పోయేది నాది. ఆసుపత్రికి ఏమీ కాదు.

బాలానగర్ మెడికల్ షాపు:

జీఎస్టీ మాట వచ్చింది కాబట్టి ఒక్కటి చెబుతాను. 33 ప్రాణాధార మందుల మీద పన్ను పూర్తిగా తీసేశారు. అవి ఎక్కువగా క్యాన్సర్, అరుదైన జబ్బుల మందులు, మా షాపులో ఉండవు. మిగతా మందుల మీద చాలావరకు 12 శాతం నుంచి 5కు దిగింది. అంటే పన్నుతో కలిపి 112 రూపాయలున్న స్ట్రిప్ 105కు రావాలి. పాత సరుకును వెనక్కి తెప్పించి కొత్త రేటు ముద్రించాల్సిన పని లేదని, అమ్మేది మాత్రం కొత్త రేటుకే అమ్మాలని అప్పుడే చెప్పారు. కాబట్టి స్ట్రిప్ మీద పాత ఎమ్మార్పీ కనపడినా తగ్గిన రేటే కట్టాలి. బీపీ, షుగర్ మాత్రలకు నెలనెలా వచ్చే పెద్దవాళ్లు ఆ ముద్రించిన అంకె చూసి డబ్బులు లెక్కపెట్టి ఇచ్చేస్తారు. అడిగేవాళ్లు చాలా తక్కువ. పోస్టరు పెడితే మందుల షాపుల్లో తప్పకుండా పెట్టండి, మా దగ్గర జనం ఆగి చదువుతారు.

బోరబండ ఆశ:

గోడ మీద రాస్తే చదివేవాళ్లు చదువుతారు, సరే. మా బస్తీలో ఒక ఆటో డ్రైవర్ తమ్ముడికి టీబీ వచ్చింది. మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నాడు. నెలకు వెయ్యి వస్తుందని నేనే చెప్పాను. రాలేదు. ఆరా తీస్తే బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకు కాలేదు. బ్యాంకుకెళ్తే ఆధార్‌లో ఇంటిపేరు ఒకలా ఉంది, పాస్‌బుక్‌లో ఇంకోలా ఉంది, సరిచేసుకుని రమ్మన్నారు. దగ్గుకుంటూ మీసేవ దగ్గర లైన్లో నిలబడ్డాడు. పథకం తెలుసు, మొత్తం తెలుసు, డబ్బు మాత్రం చేతికి రాలేదు. కాబట్టి వాలంటీర్ సార్, మీరు కాగితంలో రెండో వాక్యంగా పెట్టిన ఆ జీతం మనిషి ఉన్నాడే, అతన్ని మొదటి వాక్యంలోకి తీసుకురండి. బ్యాంకు దాకా తోడు వెళ్లే మనిషి కావాలి.

సర్కారు డాక్టర్:

ఉప్పల్ అమ్మాయి గారు చెప్పిన రాతపూర్వక తిరస్కరణకు నేను ఒప్పుకుంటాను. గోడ పోస్టరు మీద నా అభిప్రాయం మారలేదు. కానీ అలాంటి కాగితం ఉంటే మాకూ పనికొస్తుంది. నిమ్స్‌లో చేరినవాళ్లకు సీఎం సహాయనిధి నుంచి ఎల్‌ఓసీ (ఖర్చు భరిస్తామని ఆసుపత్రికి ఇచ్చే హామీ పత్రం) తెచ్చుకునేటప్పుడు మొదట వచ్చే ప్రశ్న, ఇది ఆరోగ్యశ్రీలో రాదా అని. ఎవరో రాదన్నారు అంటే ఫైలు కదలదు. ఫలానా ఆసుపత్రి ఫలానా తేదీన ఈ కారణంతో రాదంది అని ఉంటే నేనూ ధైర్యంగా సిఫారసు రాస్తాను.

అరుదైన జబ్బుల పిల్లల విషయంలో ఇది మరీ అవసరం. 2021 జాతీయ విధానం కింద ఎంపికైన కేంద్రాల్లో చికిత్సకు 50 లక్షల వరకు సాయం ఉంది. హైదరాబాద్‌లో నిమ్స్, డీఎన్‌ఏ పరీక్షల సంస్థ సీడీఎఫ్‌డీ కలిసి అలాంటి కేంద్రం. "మీ పథకంలో లేదు" అన్న ఒక్క మాట విని ఊరికి తిరిగెళ్లిపోయిన తల్లిదండ్రులను నేను చూశాను. ఆ కాగితం మీదే "ఇక్కడ రాదు, అక్కడ అడగండి" అని ఒక వరుస ఉండాలి.

మల్కాజిగిరి నర్సింగ్ హోం మేనేజర్:

అందరూ ఆసుపత్రినే దొంగను చేస్తున్నారు కాబట్టి మా వైపు నుంచి చెప్పాల్సింది చెబుతాను. ఏళ్ల తరబడి కదలని ప్యాకేజీ రేట్లను 2024లో సవరించారు, మంచిదే. కానీ బిల్లు పెట్టాక డబ్బు ఎప్పుడొస్తుందో తెలియకపోతే యాభై మంచాల ఆసుపత్రి జీతాలెలా ఇస్తుంది? ఇంప్లాంట్ డీలరు మాకు అప్పు పెట్టడు. అందుకని కొన్ని నెలలు కొన్ని ఆపరేషన్లు స్కీమ్‌లో తీసుకోవడం ఆపేస్తాం. ఆ సంగతి పేషెంటుకు చెప్పడం కౌంటర్ పిల్లలకు ఇబ్బంది, "రాదు" అనేస్తారు. ఇది తప్పే, ఒప్పుకుంటాను. కానీ ఆ తప్పు కౌంటర్‌లో మొదలవలేదు. రాతపూర్వకంగా ఇవ్వాలని ఒత్తిడి చేస్తే చిన్న ఆసుపత్రులు నెట్‌వర్క్ నుంచే బయటికి వెళ్లిపోతాయి. అప్పుడు మల్కాజిగిరి పేషెంటు గాంధీ దాకా వెళ్లాలి.

ఉప్పల్ అమ్మాయి:

మేనేజర్ గారూ, ఆ రాత్రి మాకు "స్కీమ్‌లో ఉంది, మేం ఇప్పుడు చేయడం లేదు" అని చెప్పి ఉంటే, ఆ నిమిషమే అమ్మను ఇంకోచోటికి తీసుకెళ్లేవాళ్లం. మీకు డబ్బు రాకపోవడం నిజమైన కష్టమే. దానికి మా అమ్మ రాత్రంతా నొప్పితో పడి ఉండాలా?

రెడ్‌హిల్స్ వాలంటీర్:

అందరూ చెప్పింది చదివాక వినతిపత్రం వరస మారుస్తున్నాను. మొదటి డిమాండ్ పోస్టరు కాదు, తిరస్కరణ చీటీ. పథకం వర్తించదని ఏ నెట్‌వర్క్ ఆసుపత్రి చెప్పినా పేషెంటు పేరు, తేదీ, టైము, చికిత్స పేరు, కారణం రాసివ్వాలి. కారణాలు విడివిడిగా ఉండాలి. చికిత్స లిస్టులో లేదు, కార్డులో సమస్య ఉంది, ఈ విభాగానికి మాకు అనుమతి లేదు, మంచం ఖాళీ లేదు, లిస్టులో ఉన్నా మేం ఇప్పుడు తీసుకోవడం లేదు. ఈ చివరిది మేనేజర్ గారి మాటల్లోంచి తీసుకున్నదే. ఆ గడి ఉంటే అబద్ధం చెప్పాల్సిన అవసరం కౌంటర్ పిల్లలకు ఉండదు. ఏ నెలలో ఎన్ని ఆసుపత్రులు ఆ గడిలో టిక్ పెట్టాయో లెక్క తీస్తే, బకాయిల వల్ల పేషెంట్లకు ఏం జరుగుతోందో సర్కారుకు తెలుస్తుంది. చీటీ కింద ఆరోగ్యశ్రీకి 104 నంబరు, కేంద్ర పథకానికి 14555, అరుదైన జబ్బులకు నిమ్స్ అని ముద్రించి ఉండాలి. ఆశ అక్క చెప్పిన తోడు వెళ్లే మనిషి రెండో డిమాండ్. పోస్టర్లు మూడోది, మందుల షాపులతో కలిపి.

చిన్న ఆసుపత్రులు వెళ్లిపోతాయన్న మాట మీద నేను ఏకీభవించను. లిస్టులో ఉన్న ఆపరేషన్‌ను రాదని చెప్పే ఆసుపత్రి కాగితం మీద నెట్‌వర్క్‌లో ఉండి పేషెంటుకు ఒరిగేదేమీ లేదు. బకాయిలు నెలనెలా చెల్లించాలన్న డిమాండ్ కూడా మా పత్రంలో చేరుస్తాం. మేనేజర్ గారు సంతకం పెడతానంటే ఇంకా సంతోషం.

ఆరోగ్యమిత్ర, పేరు వద్దు:

అన్నా, చీటీ మీద సంతకం ఎవరిదో స్పష్టంగా రాయండి. ఆసుపత్రి డ్యూటీ డాక్టరుదో, మెడికల్ సూపరింటెండెంటుదో పెట్టండి, మిత్రది వద్దు. వర్తించదని నిర్ణయించేది మేం కాదు. రాత్రి వచ్చే కేసులకు మేం ఉండం కూడా. అలా రాస్తే మా గ్రూపులో వాళ్లతో కూడా సంతకాలు పెట్టిస్తాను.

రెడ్‌హిల్స్ వాలంటీర్:

డ్యూటీ డాక్టర్ సంతకం, ఆసుపత్రి ముద్ర అని మార్చాను తమ్ముడూ. రాత్రి కేసుల మాట కూడా చేర్చాను. కొత్త ముసాయిదా రేపు సాయంత్రం ఇక్కడే పెడతాను, ఉర్దూలో రాయగలిగిన వాళ్లెవరైనా ఉంటే చెప్పండి.